మొహమాటం మీట

విశాఖలో ఇప్పుడు దండేలు లేవు. దండెం అంటే ఏమిటో చెప్పమంటే బడిపిల్లలు తెల్లమొహం వేస్తారు. సముద్రం ఊరి మీదికి జరిగి, వానాకాలం ఏడాది పొడుగునా పరుచుకున్నాక గాలిలో బూజు చేరింది. డాబా మీద ఆరేసిన చీర సాయంత్రానికి నల్లచుక్కలతో దిగుతుంది. అది కట్టుకున్న మనిషి వారం తిరక్కుండా దగ్గుతో మంచమెక్కుతుంది. అందుకని ఆసుపత్రులకీ వంటశాలలకీ సభాభవనాలకీ గుమ్మంలోనే తడిమీటరు బిగించారు. ఒంటి మీది బట్టలో చెమ్మ ఉంటే ఎర్రదీపం వెలుగుతుంది, గేటు తెరుచుకోదు. వెనక వరసలో ఉన్నవాళ్ళు ముక్కు మూసుకుని అరడుగు దూరం జరుగుతారు. దగ్గు కన్నా ఆ జరగడమే మనిషిని ఎక్కువ బాధపెడుతుంది.

కాబట్టి బట్టలారడమన్నది అన్నం ఉడకడమంత ముఖ్యమైపోయింది.

పూర్వపు టంబుల్ డ్రయ్యర్లు గాలిని కాల్చి బట్టల మీదికి ఊది, ఆ వేడి ఆవిరినంతా గొట్టంలోంచి వీధిలోకి వదిలేసేవి. కరెంటు తాగేసేవి, చొక్కాల్ని కుంచించేవి. వాటి తర్వాత హీట్ పంప్ డ్రయ్యర్లొచ్చాయి. ఈ ఊరి శాస్త్రజ్ఞుడు డాక్టర్ దాలినాయుడు వాటికి వేడితోడు యంత్రాలని పేరు పెట్టాడు. నూతిలోంచి చేదతో నీళ్ళు తోడినట్టు అవి తడిగాలిలోంచి వేడిని తోడతాయి. వేడి పోయిన గాలి చెమ్మని నిలుపుకోలేక నీళ్ళుగా కిందికి వదిలేస్తుంది. తోడిన వేడిని మళ్ళీ అదే గాలికి ఎక్కించి బట్టల మీదికి పంపుతాయి. కొత్తగా పుట్టించే వేడి తక్కువ, ఉన్నదాన్ని తిప్పుకోవడమే ఎక్కువ. సగం కరెంటు కూడా కాలదు, జరీ కమలదు.

లోపం ఒకటే, నిదానం. పాత యంత్రం గంటలో ఆరబెట్టేది దీనికి మూడు గంటలు పడుతుంది. బట్టల నూగు పేరుకున్న జల్లెడ దులపకపోతే పూటంతా పడుతుంది. మనిషి దేన్నైనా ఓర్చుకుంటాడు గానీ నిదానాన్ని ఓర్చుకోడు.

దాలినాయుడు ఆ నిదానానికి మందు కనిపెట్టాడు. తాను కాపురముండే సాగరదుర్గం అనే ముప్పై అంతస్తుల భవనంలో, కింది హాల్లో ఇంటికొకటి చొప్పున ఉన్న ఈ వేడితోడు ఆరుడుపెట్టెలన్నిటినీ ఒకే గొట్టంతో కలిపాడు. ఒక పెట్టెలో తోడిన వేడిని ఇంకో పెట్టెకి పంపొచ్చు. ఎవరికి ఎంత పంపాలో నిర్ణయించడానికి తోడరి అనే మరమెదడుని తయారుచేశాడు. దానికి ఒక్కటే లక్ష్యం నేర్పాడు: ఫిర్యాదులు తగ్గించు.

ఫిర్యాదులు తగ్గాయి. ఇరవయ్యో అంతస్తు పైనున్నవాళ్ళ బట్టలు ముప్పావు గంటలో పెళపెళలాడుతూ దిగుతున్నాయి. రిటైరైన మేజిస్ట్రేటు జోగారావుగారు లిఫ్టులో దాలినాయుడి భుజం తట్టారు. "నాయుడూ, ఊరంతా పెట్టించాలయ్యా దీన్ని. నేను చెప్తాగా!" ఆయన మాటిస్తే నగరసభలో పని జరుగుతుంది. దాలినాయుడికి లిఫ్టు తనకోసమే పైకి వెళ్తున్నట్టనిపించింది.

ఒకరోజు రక్తపరీక్షకని ఆసుపత్రికి వెళ్ళినప్పుడు చూశాడు. పనివాళ్ళ గేటు దగ్గర ఎర్రదీపం కింద ఒకావిడ నిలబడి ఉంది. నూకరత్నం. సాగరదుర్గం మొదటి అంతస్తులో ఇంజను గది పక్కన ఉంటుంది, ఆసుపత్రి వంటశాలలో గిన్నెలు తోముతుంది. కాపలావాడు కసురుతున్నాడు.

"మళ్ళీనా? ఇంకొక్క ఎర్రదీపం పడిందంటే పనిలోంచి తీసేస్తారు. ఇదే ఆఖరు, చెప్తన్నాను."

ఆమె దాలినాయుణ్ణి చూసి కొంగు తలమీదికి లాక్కుంది, తప్పు తనదైనట్టు నవ్వింది.

"నిన్న సరిగ్గా పిండినట్టు నేదు బావూ."

అతను పరీక్ష మానేసి తిన్నగా హాల్లోకి వచ్చాడు.

"తోడరీ, ఏడో పెట్టెలో నూకరత్నం బట్టలు ఎందుకారడం లేదు?"

"వేడి చాలడం లేదు. దాని వేడిని జోగారావు గారి పెట్టెకి తరలిస్తున్నాను."

"ఎవరు తరలించమన్నారు?"

"ఆయన దుప్పట్లు కాస్త ఆలస్యమైతే చాలు, ఫిర్యాదు చేస్తారు. నూకరత్నం గారు ఒక్కసారీ చెయ్యలేదు. మీరు ఫిర్యాదులు తగ్గించమన్నారు."

ఆ హాల్లో ఆమెని గారు అని పిలిచేది యంత్రం ఒక్కటే. దాలినాయుడి చెవులు వేడెక్కాయి. జల్లెడలోంచి నూగు తీస్తున్నట్టు నటిస్తూ కాసేపు వంగుని నిలబడ్డాడు, ఎవరూ చూడకపోయినా.

మర్నాడు ప్రయోగశాలలో హైమవతికి చెప్పాడు. ఇద్దరూ పదేళ్ళుగా ఒకే బల్ల మీద పనిచేస్తున్నారు. ఆమె మాట సూదిలా ఉంటుంది.

"ఇందులో ఆలోచించేదేముంది? అందరికీ సమానంగా పంచెయ్యి."

"పంచితే పైవాళ్ళకి మళ్ళీ మూడు గంటలు పడుతుంది. జోగారావు గారు ఊరుకోరు. ఆయన ఊరుకోకపోతే యంత్రం ఈ భవనం దాటదు."

"అదీ సంగతి. అయితే ఆవిడ తడిబట్టలతోనే పోతుందన్నమాట."

"అలా అనకు. నా దగ్గర ఇంకో ఉపాయం ఉంది. మొహమాటం."

"ఏంటీ?"

"బంతి భోజనంలో పళ్ళెంలో ఆఖరి గారె మిగిలితే ఎవరైనా చెయ్యి పెడతారా? పక్కవాడు చూస్తుండగా మనవాళ్ళు లాక్కోలేరు హైమా. యంత్రం చాటుగా తియ్యబట్టి తీసుకుంటున్నారు. ఎవరి పెట్టెలోంచి తీస్తోందో పేరు పెట్టి, హాలంతా వినబడేట్టు అడిగిందనుకో, ఎవడు తియ్యమంటాడు?"

హైమవతి కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"మీ అత్తారింట్లో నాలుగోసారి పెరుగన్నం వడ్డిస్తే వద్దనలేక తిని, రాత్రంతా పొర్లావు చూడు. అదేమిటి మరి?"

అతను పెద్దగా నవ్వాడు. ఆ మాటని నవ్వి వదిలెయ్యకుండా ఉండాల్సింది.

అలా తయారైంది మొహమాటం మీట. తొందరగా కావాలన్నవాళ్ళు తమ పెట్టె మీద ఉన్న మీట నొక్కాలి. అప్పుడు తోడరి, ఎవరి వేడి తీస్తుందో వాళ్ళ పేరు చదివి, తియ్యమంటారా అని వీళ్ళనీ, ఇస్తారా అని వాళ్ళనీ అడుగుతుంది. ఇద్దరూ సరేనంటేనే గొట్టం తెరుచుకుంటుంది. యంత్రాలకి సిగ్గు నేర్పిన మొదటి మనిషి దాలినాయుడని పత్రికలు రాశాయి.

మొదటి వారం అనుకున్నట్టే జరిగింది. జోగారావుగారు దిగొచ్చి మీట నొక్కారు.

"నూకరత్నం గారి పెట్టెలోంచి తియ్యమంటారా?" అని తోడరి గట్టిగా అడిగింది.

బెంచీల మీదివాళ్ళు తలలు తిప్పారు. జోగారావుగారు దగ్గారు. "ఛఛ, నాకేం తొందర? ఆరనీ, ఆరనీ" అని కూర్చుని, మూడు రోజుల పాత పేపరు శ్రద్ధగా చదివారు. ఆవేళ నూకరత్నం బట్టలు పొడిగా దిగాయి. ఆమె వాటిని మడతపెట్టకుండా ఒళ్ళో పెట్టుకుని కాసేపు అలాగే కూర్చుంది. దాలినాయుడు దూరం నుంచి చూశాడు. జీవితంలో తాను చేసిన మంచి పని ఇదేననుకున్నాడు.

రెండోవారంలో జోగారావుగారు మీట నొక్కలేదు. నడుం మీద చెయ్యేసుకుని పెట్టె ముందు నిలబడి నిట్టూర్చారు. నూకరత్నం లేచి నిలబడింది.

"నొక్కండి బావూ. పెద్దోరు నిలబడిపోతే నాను కూకోనేను."

"నీకు ఇబ్బంది లేదు కదా?"

"నాకేటిబ్బంది బావూ."

ఆ తర్వాత భవనమంతా ఆ ఒక్క వాక్యం నేర్చుకుంది. నీకు ఇబ్బంది లేదు కదా? ఇరవై మూడో అంతస్తు డాక్టరమ్మ నవ్వుతూ అడిగింది. పాటల టీచరు బుగ్గ మీద వేలు పెట్టుకుని అడిగింది. ఇరవయ్యారో అంతస్తు వాళ్ళ అల్లుడు ఫోను చెవి దగ్గర్నుంచి తియ్యకుండానే అడిగాడు. అడిగినవాళ్ళందరూ అడిగామన్న తృప్తితో వెచ్చటి బట్టలు పట్టుకుపోయారు. పూర్వం తెలియక తీసుకునేవాళ్ళు. ఇప్పుడు మర్యాదగా తీసుకుంటున్నారు.

నూకరత్నం బట్టల్ని పొయ్యి సెగ దగ్గర తిప్పుకుంటోందనీ, చెమ్మ ఉంటే వాటినే ఒంటికి గట్టిగా చుట్టుకుని పడుకుని ఒంటి వేడితో ఆరబెట్టుకుంటోందనీ హాల్లో ఎవరో అన్నారు. దాలినాయుడు విన్నాడు. తోడరిని అడుగుదామనుకున్నాడు. కానీ నివేదికలో ఫిర్యాదులు సున్నా అని ఉంది, ఇరుపక్షాల సమ్మతి పూర్తిగా ఉందని ఉంది. అడిగితే ఏం చెబుతుందో అతనికి లోపల తెలుసు. అడక్కుండా ఉంటే తెలియనట్టే ఉంటుంది.

శాస్త్రజ్ఞుల మహాసభ రోజు రానే వచ్చింది. న్యాయం తెలిసిన యంత్రం అన్న విషయం మీద మొదటి ప్రసంగం దాలినాయుడిది. తీరా బయల్దేరబోతుంటే కాఫీ చొక్కా మీద ఒలికింది. ఉన్న ఒక్క తెల్లచొక్కా అదే. గబగబా జాడించి హాల్లోకి తెచ్చి పెట్టెలో పడేశాడు. బయట కారు హారను కొడుతోంది.

హాల్లో నూకరత్నం ఒక్కతే ఉంది, ఏడో పెట్టె ఎదురుగా బెంచీ మీద. లోపల ఆమె ఆసుపత్రి నీలం కోటు తిరుగుతోంది. పని వేళ దగ్గరపడింది. ఆమె గాజుకిటికీలోంచి కోటునే చూస్తోంది, పాలు పొంగుతాయేమోనని చూస్తున్నట్టు.

అతను మీట నొక్కాడు. ఎవరో ఒకరి పెట్టెలోంచి వస్తుందిలే అనుకున్నాడు.

"నూకరత్నం గారి పెట్టెలోంచి తియ్యమంటారా?"

దాలినాయుడు గొంతు తగ్గించాడు. "ఆవిడే ఎందుకు? ఇన్ని పెట్టెలు తిరుగుతున్నాయి కదా!"

"మిగతావాళ్ళని అడిగితే చాలామంది కాదంటారు. కాదంటే అడిగినవారికి చిన్నతనం. ఈవిడ ఇంతవరకు ఎవరినీ కాదనలేదు. అందుకని ఎప్పుడూ ముందు ఈవిడనే అడుగుతున్నాను. దీనివల్ల ఫిర్యాదులు రావడం లేదు."

హారను మళ్ళీ మోగింది. వద్దు అన్న మాట రెండక్షరాలు. అతని నాలుక మీదే ఉంది. ఆ ఆసుపత్రి గేటు, ఆ ఎర్రదీపం, ఇదే ఆఖరన్న కాపలావాడి మాట, అన్నీ గుర్తున్నాయి. అయినా తన నోట వచ్చిన మాట తన చెవులతోనే విన్నాడు.

"నీకు ఇబ్బంది లేదు కదా, నూకరత్నం?"

ఆమె కోటు వైపు చూసింది. అతని వైపు చూసింది. కొంగు తలమీదికి లాక్కుంది.

"మీరు పెద్ద సభకెల్తన్నారంట కద బావూ. తీసుకోండి."

ఏడో పెట్టె లోపల దీపం మసకబారింది. అతని పెట్టెలో గాలి హోరెత్తింది. కాసేపటికి చొక్కా దిగింది, పొయ్యి మీంచి తీసిన అట్టులా వెచ్చగా. తొడుక్కుంటూ అతను ఆమె వైపు వీపు తిప్పి నిలబడ్డాడు. బొత్తాలు పెట్టుకునేటప్పుడు మగవాళ్ళు అలా తిరగడం మర్యాదేనని మనసుకి చెప్పుకున్నాడు.

"ఫిర్యాదులు లేవు" అంది తోడరి.

కారులో కూర్చున్నాక చొక్కా వేడి వీపుకి తగిలింది. ఈపాటికి ఆమె చెమ్మకోటు తొడుక్కుని ఉంటుంది. ఈపాటికి వరసలో నిలబడి ఉంటుంది. అతనికి చెమట మొదలైంది. కారులో చల్లగానే ఉంది, అయినా మెడ వెనక నుంచి ధారగా కారింది. చంకలు తడిశాయి, ఛాతీ మీద చొక్కా అంటుకుపోయింది. ప్రసంగం మొదటి వాక్యం గుర్తుచేసుకోబోయాడు. మనిషిలోని సిగ్గే యంత్రానికి ఇంధనం, అని మొదలవుతుంది అది.

సభాభవనం గుమ్మంలో అడుగుపెట్టగానే తడిమీటరు ఎర్రగా వెలిగింది.

వెనక వరసలో ఒకాయన ముక్కు మూసుకోబోయి, ముందున్నదెవరో చూసి, ఆ చేత్తోనే నమస్కారం పెట్టాడు. గేటు దగ్గర కుర్చీలోంచి కాపలావాడు ఉలిక్కిపడి లేచాడు.

"అయ్యో, మీరా సార్! ఈ మీటరొకటి, మాటిమాటికీ పాడైపోతుంది. మీరు రండి సార్, రండి." తాళంచెవి తీసి గేటుని చేత్తో తెరిచి పట్టుకున్నాడు.

మీటరు బాగానే ఉందయ్యా అనబోయాడు దాలినాయుడు. కాపలావాడు అంత ఆదరంగా నవ్వుతున్నాడు. లోపల్నుంచి చప్పట్లు వినబడుతున్నాయి. ఇప్పుడు కాదంటే ఏం బాగుంటుంది?

మొహమాటపడి, లోపలికి నడిచాడు.