ఇరవై తర్వాత అంకె

పాత కారు వేడెక్కిందంటే నేను ముందు చేసే పని మూత విప్పడం కాదు, పై గొట్టం పట్టుకోవడం. రేడియేటర్ నుంచి ఇంజిన్‌కి లావుపాటి రబ్బరు గొట్టం ఒకటి ఉంటుంది. దాన్ని పిడికిట్లో పట్టుకుని ఇరవై దాకా లెక్కపెట్టాలి. అప్పటిదాకా చెయ్యి ఓర్చుకుంటే మూత విప్పొచ్చు. మధ్యలోనే చుర్రుమని చెయ్యి తీసేశామంటే నీళ్ళు ఇంకా మరుగుతున్నట్టే, మూత జోలికి పోకూడదు. ఈ పద్ధతి నాకు ఏ మేస్త్రీ నేర్పలేదు. కుర్రతనంలో మెడ మీద పడ్డ ఈ కాలిన మచ్చ నేర్పింది.

నేను ఎంతమందికి చెప్పినా బుద్ధిగా పాటించింది లెక్కల మాస్టారు ఒక్కరే. అందులోనూ ఆయన చమత్కారం ఆయనదే. "ఇరవై నీ లెక్కయ్యా. నేను ఇరవై ఒకటి దాకా పెడతాను. ఆ ఒక్కటీ నా భయానికి," అని నవ్వేవారు. ఆ చివరి అంకెని మాత్రం క్లాసులో చెప్పినట్టు సాగదీసి పలికేవారు.

మూడేళ్ళ కిందట, ఎండలు నిప్పులు చెరుగుతున్న రోజుల్లో, ఆయన తన పాత కారులోనే పోయారు. ఊరు దాటాక ఒక్క చెట్టు కూడా లేని పొడుగు రోడ్డు ఒకటుంది. కారు పొగలు కక్కి అక్కడ ఆగిపోయింది. సాయంత్రానికి ఎవరో చూసేసరికి స్టీరింగ్ మీద తల వాల్చి ఉన్నారట. వడదెబ్బ అన్నారు. పక్క సీట్లో రెండు ఖాళీ సీసాలు దొరికాయి. తాగాల్సిన నీళ్ళన్నీ రేడియేటర్‌లో పోసేశారు.

మొన్న వేసవి మొదట్లో మాస్టారి అమ్మాయి ఆ కారుని తాడు కట్టించి నా షెడ్డుకి లాక్కొచ్చింది. నర్సు ఉద్యోగం వచ్చిందట.

"బాబాయ్, సోమవారం డ్యూటీలో చేరాలి. రోజూ ఆ రోడ్డు మీదే వెళ్ళి రావాలి. నాన్న కారు నిలబడుతుందా?"

"నిలబడటమేంటి తల్లీ, పరిగెడుతుంది," అన్నాను.

దీన్ని వదిలించుకోమ్మా అని చెప్పాల్సింది. ఆ పిల్ల ముందు నోరు రాలేదు. ఎందుకు రాలేదో కూడా చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

నాలుగు రోజులు ఒళ్ళు దాచుకోకుండా పనిచేశాను. రేడియేటర్ విప్పి కడిగాను. గొట్టాలన్నీ కొత్తవి వేశాను. వాటర్ పంపు మార్చాను, మూత మార్చాను. కూలెంట్ పోసేముందు ఎప్పుడూ మామూలు నీళ్ళే పోసి చూస్తాను, ఎక్కడా కారడం లేదని తేలేదాకా. శుక్రవారం పొద్దున్న మూతి దాకా నింపి, భోజనానికి ఇంటికెళ్ళి వచ్చి చూస్తే లీటరు తక్కువుంది.

కింద పరిచిన పాత పేపరు పొడిగా ఉంది. ఇంజిన్ ఆయిల్లో నీటి ఛాయ లేదు. చేతిపంపుతో రేడియేటర్‌లోకి గాలి కొట్టి, పంపు మీద ఒత్తిడి చూపించే ముల్లు చూశాను. గంటసేపు ముల్లు కదల్లేదు. అంటే సూది మొనంత చిల్లు కూడా లేదు. మళ్ళీ నింపాను. శనివారం మధ్యాహ్నానికి రెండు లీటర్లు పోయాయి. నాకు తిక్క రేగిపోయింది. పానా విసిరికొట్టాను, ముసలి కారుని నోటికొచ్చినట్టు తిట్టాను, షెడ్డులో ఆ మూల నుంచి ఈ మూలకి తిరిగాను. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే మళ్ళీ ఆ మూతే విప్పి చూడాలనిపిస్తుంది.

అప్పుడు చూశాను. కారు అద్దాలకి లోపలివైపు ఆవిరి పట్టి ఉంది. ఎగిరి గంతేశాను. హీటర్‌లో లీకు! నీళ్ళు కారు లోపలికే పోతున్నాయన్నమాట. డాష్‌బోర్డు కింద దూరబోతుండగా గుర్తొచ్చింది. ఆ హీటర్‌ని ఐదేళ్ళ కింద నేనే తీసిపారేశాను. దానికి నీళ్ళు వెళ్ళే దారే లేదు.

మరి ఆ ఆవిరి ఎవరిది?

ఆ రాత్రి కంటి మీద కునుకు లేదు. ఆదివారం సాయంత్రం అమ్మాయి వస్తుంది. సోమవారం ఆ రోడ్డు మీద నీళ్ళు ఇంకిపోతే, తండ్రికి పట్టిన గతే ఆమెకీ పడుతుంది. అందుకే ఆదివారం భోజనానికి ఇంటికి వెళ్ళలేదు. నీళ్ళు నింపి, షట్టర్ సగం దించి, కారు ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాను.

మిట్టమధ్యాహ్నం. బయట మనిషి అలికిడి లేదు. పైన రేకులు ఎండకి టక్కు టక్కుమంటున్నాయి. కాలిన రబ్బరు వాసన, పాత సీట్ల చెమట వాసన. వాటి మధ్య సన్నగా ఇంకేదో పొడి వాసన... సుద్దముక్కల వాసన.

తర్వాత ఆ చప్పుడు.

గుటక.

ఆగింది. మళ్ళీ గుటక. గొంతు ఎండిన మనిషి ఆబగా తాగుతున్నట్టు... ఆపకుండా...

లేచి ఇంజిన్ దగ్గరికి వెళ్ళాను. రెండు రోజులుగా ఇంజిన్ వేయలేదు, ఇనుమంతా చల్లగా ఉంది. అయినా అలవాటు ఊరుకోదుగా, పై గొట్టం పట్టుకున్నాను. అది వెచ్చగా ఉంది. ఒంటి వేడి. నా పిడికిట్లో మెల్లగా కదులుతోంది, గొంతులాగా.

ఒకటి... రెండు... మూడు...

నా గొంతు నాకే వినపడటం లేదు. పద్దెనిమిది... పంతొమ్మిది... ఇరవై.

ఆవిరి పట్టిన అద్దం వెనక నుంచి, నెమ్మదిగా, సాగదీసి...

"ఇరవై... ఒకటి."

 చెయ్యి గొట్టాన్ని వదలడం లేదు.

"పోసుకుంటూ... వెళ్ళమన్నావుగా..."

ఇప్పుడు చెప్తాను. ఆయన పోయిన రోజు మధ్యాహ్నం నా దగ్గరికే వచ్చారు. పై గొట్టానికి చీలిక ఉంది. కొత్త గొట్టం షెడ్డులోనే మేకుకి వేలాడుతోంది. అరగంట పని. కానీ నాకు ఆకలేస్తోంది, ఇంటికెళ్ళి తిని ఓ కునుకు తీయాలని ఉంది. "ఏం కాదు మాస్టారూ, నీళ్ళు పోసుకుంటూ వెళ్ళండి. రేపు చూద్దాం," అన్నాను. ఆయన నన్ను నమ్మారు. నేను కడుపునిండా తిని పడుకున్నాను. ఈ మాట మా ఆవిడకి కూడా చెప్పలేదు.

"మాస్టారూ..." ఏడుపొచ్చేసింది నాకు. "తప్పు నాది. పిల్లని వదిలెయ్యండి. మీ దాహమేదో... నా దగ్గర తీర్చుకోండి."

గుటక ఆగింది. చేతిలో గొట్టం చల్లబడింది.

సాయంత్రం అమ్మాయికి అంతా చెప్పేశాను. గొంతు విన్న సంగతి కాదు, ఆ రోజు నేను అన్న మాట. ఆమె చెయ్యి చాచింది. "తాళాలివ్వండి," అంది. బాబాయ్ అనలేదు. అది గుండెల్లో గుచ్చుకుంది, గుచ్చుకోవాల్సిందే.

మూడు వారాల తర్వాత చెకింగ్‌కి వచ్చింది. రోజూ ఆ రోడ్డే, రోజూ మండుటెండే. మూత విప్పితే కూలెంట్ నేను పోసిన గీత దగ్గరే ఉంది. చుక్క తగ్గలేదు. ఆమె వెళ్ళిపోయాక స్టూలు మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను, సంతోషంతోనే.

మా ఆవిడకి మాత్రం నా మీద కోపంగా ఉంది. "ఏమిటండీ ఈ తాగడం? పొద్దున్న నింపిన బిందె మధ్యాహ్నానికి అడుగంటుతోంది," అంటోంది. ఎండలు కదా అని తప్పించుకుంటున్నాను. షెడ్డులో నా సీసా కూడా అంతే. మూత బిగించి పెట్టి, పని చూసుకుని వచ్చేసరికి ఖాళీ. కింద తడి ఉండదు.

నిన్న భోజనం చేసి కాసేపు నడుం వాల్చాను. మెలకువ వచ్చేసరికి మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. లోపలికి రావడం లేదు.

"నిద్రలో లెక్కపెడుతున్నారు," అంది.

"అలవాటేగా. ఇరవై దాకానా?"

"ఇరవై దాకా మీరే." ఆమె నా వైపు చూడటం లేదు. నా పక్కన, మంచం మీద ఖాళీగా ఉన్న చోటు వైపు చూస్తోంది. "ఆ తర్వాతది ఎవరండీ?"