గింజల గదిలో ప్రమీల కంప్యూటర్

"అవ్వా, కంప్యూటర్ తెలిసిన పిల్లోళ్లెవరైనా ఉంటే వాళ్లకి ఫోన్ ఇస్తావా?"

ఉచ్చీరప్ప హులిగెమ్మతో మాట్లాడిన మొదటి మాట అది.

అవతల నుంచి సన్నటి ఆడగొంతు వినిపించింది.

"నేనే ఆ పిల్లని. మీరు కండ్లద్దాలు పెట్టుకోని నంబర్ చూసి చేయండి తాతా."

"తాతనా? నాకింకా పెళ్లే కాలేదు."

"నాక్కూడా కాలేదు. పేరు మా జేజిది. మనిషిని నేను."

"నాది మా తాత పేరు," అన్నాడు ఉచ్చీరప్ప, నవ్వాపుకుంటూ.

ఆదోనిలో పెద్ద పత్తి కంపెనీ ఒకదాంట్లో నెట్‌వర్క్ చూసేవాడు ఉచ్చీరప్ప. ఆ కంపెనీకే యెమ్మిగనూరులో పత్తి నుంచి గింజలు తీసే జిన్నింగ్ మిల్లు ఉంది. అక్కడి కంప్యూటర్లు చూడడానికి హొళగుంద నుంచి హులిగెమ్మ కొత్తగా చేరింది. ఇద్దరి మధ్యా ఉన్నది ఒక ఫోను, ఒక సన్నటి ఇంటర్‌నెట్ లైను.

"సరే, ఇను. పొద్దున్నే మీ ఆఫీసులో కంప్యూటర్లన్నీ ఒక్కసారే ఆన్ చేస్తారు. అన్నీ కలిసి యాంటీవైరస్ అప్‌డేట్ లాగుతాయి. లైన్ చచ్చిపోతాంది. ఒకటి తర్వాత ఒకటి ఆన్ చేయమని చెప్పు."

"ఎందుకు సార్ అంత కష్టం? మా ఊర్లో నీళ్ల ట్యాంకర్ వస్తే వీధంతా బిందెలేసుకోని ఉరకరు. ఒక డ్రమ్ము నింపుకోని ఇంటింటికీ పంచుకుంటారు. ఆదోని నుంచి ఈడ ఒక్క కంప్యూటర్‌కి పంపండి. మిగతావి దాని దగ్గర తీసుకుంటాయి."

రోజూ పుట్టే కొత్త వైరస్‌ల ఆనవాళ్లు ప్రతి కంప్యూటర్‌కీ చేరాలి. చేరకపోతే ఆ కంప్యూటర్ తలుపు తీసి పెట్టిన ఇల్లే. దాని గురించి ఇంత తేలిగ్గా చెప్పినవాళ్లు ఇంతకు ముందు ఒక్కరే ఉండేవారు.

"చెయ్యి," అన్నాడు. "ఏ కంప్యూటర్ మంచిదో నువ్వే చూసుకో."

మరుసటి రోజు హులిగెమ్మే ఫోన్ చేసింది. గొంతులో కోపం.

"ముందే పెట్టేసి, నాకు పరీక్ష పెడతాండారా?"

"ఏం పెట్టినాను?"

"ఈ పొద్దు ఈడ కంప్యూటర్లన్నీ అప్‌డేట్ ఒకదాని దగ్గరే తీసుకుంటాండాయి. దాని పేరు ప్రమీల. అది ఏ టేబుల్ మీదుండాదో చెప్తే సరిపోయేది గదా."

"సార్? ఉండారా?"

"ప్రమీల లేదు," అన్నాడు ఉచ్చీరప్ప మెల్లగా. "నీకంటే ముందు నీ సీట్లో పనిచేసిన అమ్మాయి. విషజ్వరం వచ్చి సచ్చిపోయింది. ఆమె కంప్యూటర్ ఆ పొద్దే తీసేసినారు."

హులిగెమ్మ తను కూర్చున్న కుర్చీలోంచి తనకు తెలియకుండానే లేచి నిలబడింది.

ఉచ్చీరప్ప వెంటనే బస్సెక్కాడు.

యెమ్మిగనూరులో దిగేసరికి వాన. మిల్లు గేటు దగ్గర ఒకమ్మాయి గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. గొడుగు ఉన్నా సగం తడిసింది. తలలో అక్కడక్కడా దూది పోగులు అంటుకుని ఉన్నాయి. ఆమె కళ్లు అతణ్ని పట్టించుకోకుండా అతని వెనక ఎవరినో వెతికాయి.

"తాత కోసం చూస్తాండావా?" అన్నాడు ఉచ్చీరప్ప.

హులిగెమ్మ అతణ్ని కిందికీ పైకీ చూసింది. లాప్‌టాప్ తడవకుండా చొక్కా లోపల దాచుకుని, పొట్ట ఒకవైపే పెరిగినవాడిలా ఉన్నాడు. ఆమె నవ్వు ఆపుకోలేక గొడుగు అడ్డం పెట్టుకుంది. గొడుగు మీది నీళ్లన్నీ అతని ముఖాన పడ్డాయి.

నవ్వులు అంతటితో ఆగిపోయాయి.

ఆఫీసులో ప్రమీల పేరున్న కంప్యూటర్ ఎక్కడా లేదు. తీగలన్నీ ఒక్కొక్కటే పట్టుకుని చూశారు. ఒక తీగ కిటికీలోంచి బయటికి పోయి, గోడ వెంబడి పాకి, వెనకవైపు పత్తి గింజలు పోసే పాత గదిలోకి దూరింది. వాచ్‌మన్ ఏసన్న తాళంచెవి తెచ్చాడు గానీ తలుపు దగ్గర ఆగిపోయాడు.

"ఈ గది తీసి శానా కాలమైందప్పా. కానీ పొద్దున పూట లోపల టకటకమని బటన్లు కొట్టినట్టు వినపడతాది. ఎలకలేమో అనుకొన్యా." గొంతు తగ్గించాడు. "ఆదివారం ఆ సప్పుడు రాదు. ఎలకలకి సెలవుంటాదా?"

లోపల చీకటి. గింజల నూనె వాసన. మూలన గోతాల కింద కంప్యూటర్ డబ్బా ఒకటి ఉంది. దాని ముందు పచ్చటి లైటు వెలుగుతూ, ఆరుతూ ఉంది. హులిగెమ్మ గోతం తీసి దాని మీద చెయ్యి వేసింది. దుమ్ము మెత్తగా తగిలింది. దుమ్ము కింద రేకు వెచ్చగా ఉంది.

ఉచ్చీరప్ప ఫోన్ లైటు వేసి కరెంటు వైరును పట్టుకుంటూ పోయాడు. గింజల కుప్ప చుట్టూ తిరిగి గోడ దాకా వెళ్లి, ఆగి, వంగి, చివర చేతిలోకి తీసుకున్నాడు.

ప్లగ్గు గోడకు పెట్టలేదు, నేల మీద పడి ఉండింది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. ఎవరు ముందు బయటికి వచ్చారో కూడా తర్వాత గుర్తు లేదు. వానలో నిలబడ్డాక ఉచ్చీరప్ప చూసుకుంటే, హులిగెమ్మ వేళ్లు అతని చొక్కా చేతిని గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

"లోపల బ్యాటరీ ఏమన్నా…" అంది.

"అట్లాంటి డబ్బాలో అంత పెద్ద బ్యాటరీ ఉండదు."

"తీసేస్తారా దాన్ని?"

"నువ్వేమంటావు?"

హులిగెమ్మ గింజల గది వైపు చూసింది. "నాకు భయమే. కానీ అది ఎవర్నీ ఏం చేయలేదు గదా. పని చేసుకుంటాంది."

అతను తల ఊపాడు. పోతూ పోతూ, మాట మార్చడానికి అన్నాడు, "నీ కంప్యూటర్‌కి నీ పేరే భలే పెట్టుకున్నావు. హులిగెమ్మ అని."

"నేను పెట్టలేదు. మీరు పెట్టినారనుకున్యా."

మళ్లీ ఆఫీసులోకి వెళ్లి చూశారు. ఆ పేరు హులిగెమ్మ ఉద్యోగానికి అర్జీ పెట్టక ముందు నుంచే ఉంది. ఆ సంగతి వాళ్లిద్దరూ ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత ఉచ్చీరప్ప యెమ్మిగనూరుకు తరచూ రావలసి వచ్చింది. ఒకరోజు అప్‌డేట్ సగంలో ఆగిపోతుంది. ఇంకో రోజు ఒక కంప్యూటర్ అసలు కనిపించదు. పని పది నిమిషాల్లో అయిపోయేది. ఆ తర్వాత హులిగెమ్మ తెచ్చిన ఉగ్గాని, బజ్జీ తినడానికి గంట పట్టేది. ఒకసారి బస్టాండులో వానకు ఇరుక్కుని, ఇద్దరూ ఒక్క గొడుగు కిందే నిలబడ్డారు.

"బజ్జీ మీదే పడ్డావు, ఉగ్గాని ఎవరు తింటారు?" అనేది ఆమె. 'సార్' ఎప్పుడో పోయింది.

"నువ్వు మాట్లాడతాంటే చెయ్యి యాడికి పోతాందో తెలీదు."

ఆమె కిటికీ వైపు చూసేది. కిటికీ అవతల గింజల గది తలుపు కనిపించేది. ఇద్దరి నవ్వూ అక్కడికి పోయి ఆగేది.

పత్తి బాగా వచ్చే రోజుల్లో ఒక సోమవారం ఆదోని ఆఫీసుకు బిల్లులాంటి మెయిల్ ఒకటి వచ్చింది. ఎవరో తెరిచారు. ఒక్కొక్క కంప్యూటరూ నల్లబడి, ఫైళ్లన్నిటికీ తాళం పడిపోయింది. ఆ పొద్దున కంప్యూటర్లన్నీ ఒక్కసారే అప్‌డేట్ కోసం ఎగబడడంతో, సగానికి పైగా కంప్యూటర్లకు అది చేరనే లేదు. తాళం పడినవి అవే. కాటా దగ్గర పత్తి ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలిచిపోయాయి.

యజమాని నాగేశ్వరయ్య ఉచ్చీరప్పను పిలిచాడు. గొంతు పెంచలేదు. "సాయంత్రానికి కాటా నడవల్లప్పా. నడవకుంటే రేపట్నుంచి నువ్వు రావద్దు."

ఉచ్చీరప్ప యెమ్మిగనూరుకు ఫోన్ చేశాడు. "మీ ఆడ ఎట్లుంది?"

"అన్నీ బాగుండాయి. ఆ మెయిల్ మాకూ వచ్చింది, తెరవగానే యాంటీవైరస్ పట్టుకునింది. ఈ పొద్దు అప్‌డేట్ తొందరగా పంపినావు గదా."

"నేను పంపలేదు. ఈడ లైన్ చచ్చిపోయి, నా సర్వర్ నుంచి మీ ఆడికి ఏమీ పోలేదు."

ఫోన్లో జిన్నింగ్ మిషన్ల హోరు మధ్య ఆమె, "అదంతా తర్వాత. అప్‌డేట్ కాపీ తీసుకోని నేను వస్తాండా," అంది.

వచ్చింది. ఇద్దరూ లైన్లు పీకేసి, కాపీ పెట్టుకున్న ఫైళ్లతో ఒక్కొక్క కంప్యూటర్‌నూ మళ్లీ నిలబెట్టారు. కాటా దగ్గర ఒకటి, అకౌంట్స్‌లో ఒకటి, గోడౌన్‌లో ఒకటి, అట్లా ప్రతి చోటా ఒక మంచి కంప్యూటర్‌ను పంచడానికి పెట్టారు. సర్వర్ వాటికి మాత్రమే ఇస్తుంది, పక్కనున్న వాటికి అవి ఇస్తాయి. ఈసారి లైన్ తడబడలేదు. పొద్దు వాలేలోపు కాటా మీదికి మొదటి ట్రాక్టర్ ఎక్కింది.

నాగేశ్వరయ్య చూసి, "అన్ని బ్రాంచీల్లోనూ ఇట్లనే పెట్టండి. పాత డబ్బాలేమన్నా ఉంటే తీసేయండి," అన్నాడు.

ఉచ్చీరప్ప, హులిగెమ్మ ముఖాలు చూసుకున్నారు.

మరుసటి రోజు మధ్యాహ్నం యెమ్మిగనూరులో, హులిగెమ్మ కంప్యూటర్‌ను పంచేదిగా పెట్టారు. మిగతావి మాట వినలేదు. ఎన్నిసార్లు మార్చినా ప్రమీల దగ్గరికే వెళ్లాయి. చివరికి గింజల గది తీశారు. ఉచ్చీరప్ప వెనకనున్న నెట్‌వర్క్ తీగ పీకేశాడు. పచ్చ లైటు ఆరలేదు. ఇంకా వేగంగా మిణుకుమంది. గదిలో ఎక్కడో, చాలా దగ్గరలో, బటన్లు కొడుతున్న చప్పుడు.

"హులిగీ, బయటికి రా," అన్నాడు.

ఆమె రాలేదు. మోకాళ్ల మీద కూర్చుంది. వెచ్చటి రేకు మీద చెయ్యి వేసింది. అక్కడ చల్లటిదేదో ఆమె వేళ్లను తాకింది. చేయి తీసేయబోయి, తీయలేదు.

"అక్కా," అంది. "నువ్వు పోయినాక ఎవురూ చూసుకోలేదని చేస్తాండావు గదా. ఇంక నేనుండా. పొద్దున్నే వస్తా. ఒక్క కంప్యూటర్‌ని కూడా మర్చిపోను. నాకియ్యి."

చప్పుడు ఆగింది. లైటు ఇంకొక్కసారి వెలిగి ఆరిపోయింది. ఆమె అరచేతి కింద రేకు మెల్లగా చల్లబడింది. బయట ఏసన్న తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు.

ఆఫీసులో కంప్యూటర్లన్నీ హులిగెమ్మ దగ్గర అప్‌డేట్ తీసుకోవడం మొదలుపెట్టాయి.

ఇద్దరూ గది గడప మీద కూర్చున్నారు. సన్నగా చినుకులు పడుతున్నాయి. ఉచ్చీరప్ప కళ్లు తుడుచుకున్నాడు.

"ఆమెంటే నీకు ఇష్టమా?" అంది హులిగెమ్మ. చాలా రోజులుగా గొంతులో ఉన్న ప్రశ్న.

"అక్క లాంటిది. పని నేర్పించింది ఆమే. కానీ నేను ఆమె మొగం ఎప్పుడూ చూళ్లేదు. అంతా ఫోన్లోనే. పోయిందని కూడా ఫోన్లోనే విన్యా." ఆగాడు. "అందుకే నువ్వు ఏం ప్రాబ్లమ్ అన్నా బస్సెక్కేసినా. ఆదోనిలో కూర్చోని చేయగలిగే పనే. నిన్ను ఫోన్లో మాత్రమే తెలిసిన మనిషిగా ఉంచుకోలేకపోయినా. నువ్వంటే నాకిష్టం."

హులిగెమ్మ చినుకుల్ని చూస్తూ నవ్వింది. "ఆడ్నుంచే చేయొచ్చని నాకూ తెలుసు. ఒక రోజు ఒక కంప్యూటర్ కనపడకుండా పోయింది గదా, అది నా వల్లనే. వైరు పీకినా."

"అయితే అప్‌డేట్ సగంలో ఆగేది?"

"అదీ నేనే."

"దొంగదానా. మరి బస్టాండులో వానకు ఇరుక్కున్నాం చూడు, ఒక్క గొడుగు కింద? ఆ పొద్దు నన్ను రప్పించింది కూడా నువ్వేనా?"

హులిగెమ్మ నవ్వు ఆగిపోయింది. "ఆ పొద్దు నాకు లీవు. నేను హొళగుందలో ఉండా. నువ్వు రమ్మన్నావని మిల్లు నుంచి ఎవరో ఆడమనిషి ఫోన్ చేస్తే వచ్చినా."

"నేను రమ్మనలేదు."

వెనక గది తలుపు తెరిచే ఉంది. ఇద్దరూ తిరిగి చూడలేదు. ఉచ్చీరప్ప ఆమె చేతిని అందుకున్నాడు. ఈసారి భయంతో కాదు.

ఆ ఆదివారమే హొళగుంద పోయారు. హులిగెమ్మ తండ్రి తిక్కయ్య జొన్నచేను నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, ఉచ్చీరప్ప ఎదురుగా కూర్చున్నాడు. మాటలు తక్కువ మనిషి. లోపల రొట్టె కొడుతున్న చప్పుడు కాసేపు విన్నాడు.

"ఊర్లో నా కూతుర్ని మొండిది అంటారప్పా. నువ్వు ఏం జూసి అడుగుతాండావు?"

ఉచ్చీరప్ప దారి పొడుగునా నేర్చుకుని వచ్చిన మాటలన్నీ మర్చిపోయాడు. నిజమే బయటికి వచ్చింది.

"భయమేసినా చెయ్యి వెనక్కి తీసుకోదు మామా."

రొట్టె చప్పుడు ఆగింది. తిక్కయ్య అతని ముఖం కేసి అట్లాగే చూశాడు. మీసం కింద పెదవి కదిలింది.

"మామా అనేసినావు. ఇంక నేను అడిగేదేముండాది?" అని, లోపలికి కేక వేశాడు. "హులిగీ, ఇంకో తట్టలో రొట్టె పెట్టు. పిల్లోడు తింటాడు."