పాతరలో దీపం

సుస్స్‌స్‌స్...!

చౌడేశ్వరి ఊపిరి బిగబట్టి వాల్వు ఇంకో చుట్టు తిప్పుతుంది.

వేళ్ల మీద మంచు!

పైన రోహిణి కార్తె ఎండ. మిట్టమధ్యాహ్నం. కాకి ఎగిరితే రెక్కలు వేగి అప్పడాలై రాలే ఎండ! డోన్ స్టేషన్లో రైలుపట్టా మీద దోసె పోస్తే తిరగేసే పని కూడా లేదట. నమ్మనివాళ్లు పెనం లేకుండా వెళ్లి చూసుకోవచ్చు.

అంతటి ఎండలో, నేలకింద ఈ గుంతలో, ఒక ఆడమనిషి వేళ్లు మంచుకు కొంకర్లు పోతున్నాయి.

గ్యాసు!

రంగు లేదు. వాసన ఉందా అంటే ఉన్నట్టూ లేదు. గాలి కన్నా మూడింతలు బరువు. పైకి పోదు. కిందే కూర్చుంటుంది. వాన నీళ్లు చేరినట్టు పాదాల దగ్గర మొదలై... మోకాళ్లు... నడుము...

చాలు!

వాల్వు కట్టేస్తుంది. తాడు పట్టుకుంటుంది. ఛాతీ పగిలిపోతోంది. పైకి... ఇంకా పైకి...

మూతిలోంచి బయటపడి, నిప్పులాంటి గాలిని అమృతంలా మింగుతుంది.

ఇది జొన్నలు దాచే పాతర. మూతి మనిషి దూరేంత. కడుపు గది అంత. జొన్నలు ఎప్పుడో పోయాయి. ఆమె మొగుడు వీరభద్ర దీన్ని సిలిండర్లకు చల్లని కొట్టు చేసుకున్నాడు.

వీరభద్ర ఏసీ మెకానిక్. ఎవరి ఏసీ విప్పినా లోపలి గ్యాసును గాలికి వదిలే రకం కాదు. మిషన్ పెట్టి సిలిండర్లోకి లాగుతాడు. కాటా మీద తూకం చూస్తూ, ఇంకా చోటుండగానే ఆపేస్తాడు. నిండా పట్టిస్తే ఎండకు ఉబ్బి పేలుతుందంటాడు. తెచ్చి ఈ నీడలో దించుతాడు. "గాలిని కూడా దాచుకునే పిసినారి!" అని డోన్ మెకానిక్కులంతా ఇకిలించేవారు.

ఒక్కసారి కూడా గాలికి వదలని మనిషి దాచిన గ్యాసు.

ఇప్పుడు పెళ్లాం వదిలింది.

తమ్ముడి ప్రాణం కోసం!

దూరంగా దుమ్ము లేస్తోంది. తెల్ల జీపు!

ఆమె చూపు మూతి పక్కన పడుతుంది. పాత కిరసనాయిలు బుడ్డి. దాని మెడకు తాడు.

పాతరలో దిగే ముందు ఎవరైనా బుడ్డి దించుతారు. దీపం నిలిస్తే గాలి మంచిది. ఆరితే చావు. చిన్నప్పుడు జొన్నలు తోడడానికి తమ్ముడు ఓబులేష్‌నే దించేవారు. సన్నగా ఉండేవాడు. మూతి అంచున కాళ్లు వేలాడేసి, ప్రతిసారీ అడిగేవాడు.

"అక్కా... దిగొచ్చునా?"

ఆమె బుడ్డి దించి చూసి, "దీపం నిలిచిందిరా. దిగు" అనేది. అప్పుడే దిగేవాడు. అమ్మ చెప్పినా దిగేవాడు కాదు.

ఈ పొద్దు బుడ్డి ఉండకూడదు. అది నిజం చెప్పేస్తుంది!

బుడ్డిని తీసుకుని ట్రాలీ ఆటో దగ్గరికి పరుగెడుతుంది. పనిముట్ల సంచిలో తోసేస్తుంది. పక్కనే తడి గోనెసంచి కప్పిన ముద్ద. దాని మీద ఇంకో చెంబెడు నీళ్లు గుమ్మరిస్తుంది.

ఆ గోనె కింద ఉన్నది ఒక గ్యాసు డబ్బా. వాడి పారేసే రకం. మళ్లీ నింపకూడనిది.

ఎవరో మళ్లీ నింపారు!

నెల కిందట, కమలాపురంలో పెళ్లి మండపం మిద్దె మీద, వీరభద్ర ఆ డబ్బాలోని గ్యాసును ఏసీకి పట్టించాడు. పైపు కారింది. గ్యాసంతా వెనక్కి లాగి, అతుకు వేయడానికి టార్చి ముట్టించాడు. పైపుల్లో ఎంతో కొంత మిగులుతుంది. మండని గ్యాసు కదా, భయం లేదనుకున్నాడు.

మండింది!

పెళ్లికొచ్చినవాళ్లు టపాకాయలనుకున్నారు.

"మెకానిక్ అజాగ్రత్త" అన్నారు పోలీసులు. తమ్ముడు ఓబులేష్ ఆ పొద్దు బావకు తోడుగా వెళ్లాడు. సరిగ్గా అప్పుడే నీళ్లు తాగడానికి కిందికి దిగాడు కాబట్టి బతికాడు. తమ్ముడైనా దక్కాడని ఆమె చౌడమ్మ తల్లికి కొబ్బరికాయ కొట్టింది.

డబ్బాలో సగం మిగిలింది. ఈ పొద్దు దాన్ని కర్నూలుకు పరీక్షకు తీసుకుపోతుంటే ఫోన్ మోగింది. దాన్ని అమ్మిన దేవేంద్రప్ప!

"నీ తమ్ముడు నా జీపులో ఉండాడు. డబ్బా ఇచ్చి తీస్కపో. ల్యాకుంటే వాళ్ల బావ దగ్గరికే పంపిస్తా."

అంతే. పాతర దగ్గరికి రమ్మని చెప్పి, ఆమె ఆటోను అటే తిప్పింది.

జీపు వచ్చి ఆగుతుంది!

ఇంజన్ ఆపలేదు. లోపల ఏసీ తిరుగుతూనే ఉంది. గ్యాసు అమ్మేవాడికి ఎండ పడదు పాపం. వెన్నముద్ద!

దేవేంద్రప్ప దిగుతాడు. తెల్ల చొక్కా. నడుములో పిస్తోలు. వెనకనుంచి ఓబులేష్‌ను మెడ పట్టి లాగుతాడు. చేతులు తాడుతో కట్టేసి ఉన్నాయి.

"ఏమ్మా చౌడేశ్వరీ! ఈ ఎండకు నా జీపుకే జ్వరమొచ్చింది గదమ్మా! డబ్బా యాడ?"

"పాతరలో ఉండాది. బండ కింద. నా తమ్ముడిని ఇడువన్నా!"

"ఇడుస్తాలే. నాకేమన్నా వీన్ని సాకను ముచ్చటా?"

తాడు విప్పుతాడు. కానీ కళ్లు ఆటో మీదికి పోతాయి.

గోనె మీదికి!

"అదేంది?"



"నీళ్ల కుండన్నా."

"అబ్బ! మొదలే చెప్పగూడదా? నాలిక పిడచ కట్టకపోయె!"

నడుస్తాడు. ఆటో దగ్గరికి... గోనె మీద చెయ్యి!

"తాగొద్దన్నా!" ఆమె అరుస్తుంది. "ఏసీలు కడిగే మందు నీళ్లు! పేగులు కాలిపోతాయి!"

చెయ్యి ఆగుతుంది. మొహం చిట్లించి, తువ్వాలును గోనెకు అద్ది మెడ తుడుచుకుంటాడు. మళ్లీ అద్దుతాడు. మళ్లీ తుడుచుకుంటాడు. ఏ డబ్బా కోసం ఇంత దూరం వచ్చాడో దాని నెత్తిమీదే చెయ్యి పెట్టి, హాయిగా కళ్లు మూసుకుంటాడు!

ఆ సందులో ఓబులేష్ ఆమె చెవి దగ్గరికి వస్తాడు.

"అక్కా, నిజంగా పాతరలోనే పెట్టినావా?"

"ఊ."

"మంచిపని చేసినావు. బయట పెట్టింటే ఈ ఎండకు పేలతాండె. ముప్పాతిక వంటగ్యాసే గదా దాంట్లో."

చౌడేశ్వరి మెల్లగా తల తిప్పుతుంది.

అందులో ఏముందో ఎవరికీ తెలీదు. పోలీసులకు తెలీదు. ఆమెకు కూడా తెలీదు. తెలుసుకోవడానికే కర్నూలు బయలుదేరింది!

"ముప్పాతికని నీకెవురు చెప్పిరి?"



ఆమె వాడి చేతులకేసి చూస్తుంది. ఇప్పుడే తాడు విప్పిన మణికట్లు. కందలేదు. గీత కూడా పడలేదు.

వీడిని ఎవరూ ఎత్తుకురాలేదు. వీడే వచ్చాడు!

"నువ్వేనా నింపింది?"

వాడు మొహం తిప్పుకుంటాడు.

"ఓబులేసా!"

"అన్న నింపమన్యాడు, నింపినా. అది బావ చేతికి వస్తాదని నేనేమన్నా కలగన్నానా?"

"ఆ పొద్దు మిద్దె మీద చూసినావు గదరా. డబ్బా చూస్తానే గుర్తుపట్టింటావు గదా. బావ టార్చి తీస్తాంటే పక్కనే ఉండావు గదా."

"చెప్తే అన్న నన్ను సంపుతాడక్కా!"

"అందుకని..."

"నీళ్లు తాగను దిగిపోయినా."

నీళ్లు తాగడానికి!

కొబ్బరికాయ కొట్టిన చేతులు చల్లబడతాయి. ఇందాక మంచు పట్టినప్పటి కన్నా చల్లగా.

"ఈ డబ్బా పోతే అంతా అయిపోతాదక్కా," ఓబులేష్ గొణుగుతాడు. "నువ్వు నేను సల్లగా బతకొచ్చు."

"ఏం గుసగుసలు?" దేవేంద్రప్ప తువ్వాలు మెడలో వేసుకుని వచ్చేస్తాడు.

పాతర మూతి దగ్గర ఆగుతాడు. లోపలికి తొంగి చూస్తాడు. దిగడు! వెనక్కి జరుగుతాడు.

"మా నాయన గూడా పాతర్లు తవ్వినోడేలేమ్మా. మూసిన పాతరలో గాలి చెడి ఉంటాది. బుడ్డి యాడ?"

"బుడ్డి యాడిదన్నా? కిరసనాయిలు దొరికి ఎన్నాళ్లాయె!"

అతను నవ్వుతాడు. పిస్తోలు తీస్తాడు. దాని మూతి ఓబులేష్ వైపు ఊపుతాడు.

"ఇంత బుడ్డి ఎదురుగా ఉండగా కిరసనాయిలెందుకు? దిగురా!"

ఓబులేష్ మొహంలో నెత్తురు లేదు.

"అన్నా, నేనా?"

"నువ్వే. లోపల ఏమన్నా ఉంటే మీ అక్క నిన్ను దిగనిస్తాదా? ఆయమ్మ దిగమంటే నేను గూడా దిగుతా. వద్దన్నదనుకో..." పిస్తోలు ఆమె మొహం మీదికి తిరుగుతుంది. "అప్పుడు ఆయమ్మనే తోస్తా."

పాపిష్టివాడైనా తెలివైనవాడు. అక్కాతమ్ముళ్ల ప్రేమను కాటా మీద పెట్టి తూచాడు. గంట ముందైతే ఆ తూకం సరిగ్గా ఉండేది!

ఓబులేష్ మూతి అంచున కూర్చుంటాడు. కాళ్లు లోపలికి వేలాడేస్తాడు. తల ఎత్తుతాడు.

మీసాలొచ్చిన మొహం. చిన్నప్పటి కళ్లు.

"అక్కా... దిగొచ్చునా?"

ఎండ చెవుల్లో హోరుమంటోంది. జీపు గుర్రుమంటోంది.

చౌడేశ్వరి సెల్‌ఫోన్ తీస్తుంది. టార్చి వెలిగిస్తుంది. చెయ్యి చాచి పాతరలోకి దించుతుంది.

తెల్లని వెలుగు. వణకదు. ఆరదు. గాలితో దానికేం పని? బ్యాటరీ ఉంటే చాలు!

"దీపం నిలిచిందిరా," అంటుంది. "దిగు."

ఓబులేష్ దిగుతాడు!

ధబ్!

"అబ్బా! సల్లగా ఉండాదన్నా! ఏసీ ఏసినట్టే ఉండాది!"

"ఊపిరాడతాండాదా?"

"బాగా ఆడతాండాది! బావ సిలిండర్లు ఉండాయి. బండ గూడా ఉండాది."

నిలబడి ఉన్నాడు. గ్యాసు నడుము దాకానే. పైన గాలి.

"కాళ్లతో కదిలిస్తే కదల్లేదన్నా! కడప బండ, ఒగనితో కాదు. నువ్వూ రా!"

దేవేంద్రప్ప ఆమెను ఒక్కసారి చూస్తాడు. ఆమె మొహంలో ఏదీ లేదు. పిస్తోలు నడుములో దోపుతాడు. తాడు పట్టుకుంటాడు.

ధబ్!

"ఓరి నీ పాసుగూల! నిజమేరా, నా జీపులో గూడా ఇంత సల్లగా లేదు!"

ఇద్దరూ నిలబడి ఉన్నారు. నిలబడినంతసేపూ బతుకే.

వంగితేనే...

ఇంకా చెప్పొచ్చు. ఒక్క మాట! నాలుక చివరికి వచ్చేసింది. వంగొద్దురా ఓబులేసా... పైకి రా...

నీళ్లు తాగను దిగిపోయినా.

ఆ మాట మింగేస్తుంది.

"ఆ పక్క పట్టుకోరా! నేను ఈ పక్క. ఊ... పట్టు!"

వంగారు!

ఒక్క ఊపిరి.

రెండో ఊపిరి...

దభీమని ఒక చప్పుడు. మనిషి బండ మీద బోర్లా పడ్డ చప్పుడు.

"ఓబులేష్! రేయ్!... రే... య్..."

దేవేంద్రప్ప లేస్తాడు. తూలుతాడు. తాగినవాడిలా గోడలు తడుముకుంటాడు. మూతిలోంచి పడే వెలుతురులో అతని మొహం పైకి తిరుగుతుంది. కళ్లు నిలవడం లేదు.

"ఏం... ఏం చేసినావే!"

తాడు కోసం చెయ్యి చాస్తాడు.

తాడు పైకి లేస్తుంది!

జానెడు... బారెడు... మొత్తం!

"చెయ్యి ఇయ్యమ్మా! నీ తమ్ముడు పడిపోయినాడు! దిగి ఎత్తు! నీ తమ్ముడే!"

"గ్యాసులో ఒగడు పడితే, ఎత్తను ఇంగొగరు దిగగూడదన్నా." తాడు చుట్టచుట్టుకుంటూ అంటుంది. "మా ఆయప్ప నేర్పిచ్చిందే."

ఢాం!

మూతి అంచు రాయి పెళ్లున పగులుతుంది. పెచ్చు ఆమె చెంప చీల్చుకుని పోతుంది.

ఆమె కదలదు. రెండో గుండు కోసం చూస్తుంది.

రాదు.

లోపల ఏదో బరువైనది గోడకు రాసుకుంటూ, మెల్లగా కిందికి జారుతుంది.

అంతే.

జీపు గుర్రుమంటూనే ఉంది. ఎవరూ లేని సీట్లను ఏసీ చల్లబరుస్తూనే ఉంది.

చౌడేశ్వరి ఆటో దగ్గరికి నడుస్తుంది. గోనె మీద చెంబెడు నీళ్లు పోస్తుంది. డబ్బా భద్రం. కర్నూలు ఇంకా దూరం.

పనిముట్ల సంచిలోంచి బుడ్డి తీస్తుంది.

అడుగున కాస్త నూనె కదులుతోంది. అగ్గిపుల్ల గీస్తుంది. వత్తి అంటుకుంటుంది. మూతి దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, చిన్నప్పటిలాగే తాడుతో దించుతుంది.

మెల్లగా... ఇంకొంచెం...

మంట చిన్నదవుతుంది.

చుక్కంత అవుతుంది.

చీకటి!

ఆమె లోపలికి వంగదు. అంచునే కూర్చుని, ఎప్పుడూ చెప్పే గొంతుతోనే చెబుతుంది.

"ఆరిపోయిందిరా ఓబులేసా... దిగొద్దు."