ఏడు గంటల మాత్ర

సోమవారం తెల్లవారేసరికే జోగమ్మ వంటిల్లు పొగతో నిండిపోయింది. కొడుకు అర్జునరావు స్టీలు ప్లాంటు స్టోర్సులో గుమాస్తా. కంపెనీ బస్సు ఎవరి కోసమూ ఆగదు కాబట్టి ముందు అతని క్యారేజీ సర్దాలి. తర్వాత కోడలు కామేశ్వరిది. భర్త గవర్రాజు పోర్టులో ఖలాసీ. ఆ వారం ఆయనకి పొద్దుటి షిఫ్టు పడింది. చీకటితోనే లేచి, గ్లాసుడు టీ తాగి, సైకిలెక్కి వెళ్ళిపోయాడు. కడుపులో తిండి పడితే డ్యూటీలో కునుకొస్తుందని ఆయన నమ్మకం. మధ్యాహ్నం మూడింటికి ఇంటికొచ్చాక గాని అన్నం ముట్టడు.

"అత్తా, ఏడయింది. మాత్ర వేసుకున్నావా?" జడ అల్లుకుంటూనే కేకేసింది కామేశ్వరి.

"ఏసీసుకున్నానమ్మీ. రేడియోలో వార్తలు మొదలెట్టగానే మింగీసాను."

"మర్చిపోకు. రోజూ ఇదే టైముకి."

"నువ్వు సెప్పాక మరిసిపోతానేటే? ఎల్లు, బస్సు ఎల్లిపోతాది."

క్యారేజీ అందుకుని కామేశ్వరి పరుగెత్తింది. ఆ తర్వాత జోగమ్మ ఏం తింటుందో, ఎప్పుడు తింటుందో చూసేందుకు ఇంట్లో ఇంకెవరూ లేరు.

కామేశ్వరి భీమిలి అమ్మాయి. పెళ్ళయి కంచరపాలెం వచ్చేనాటికి డిగ్రీ పూర్తయింది. ఇంకా చదువుతానంటే గవర్రాజు గొణిగాడు, అర్జునరావు తల గోక్కున్నాడు. సదవనీండని పట్టుబట్టింది జోగమ్మే. అలా పోషకాహారంలో ఎమ్మెస్సీ అయింది. తీరా చూస్తే అదీ చాలదట. ఆసుపత్రిలో పెద్ద డైటీషియన్ కింద ఆరు నెలలు పని నేర్చుకోవాలి. ఆవిడ ఒప్పుకుని సంతకం పెడితే పరీక్ష రాయాలి. అప్పుడు గాని పేరు రిజిస్టర్ కాదు. "మనిసికి ఏటి తినాలో సెప్పడానికి ఇంత సదువేటే!" అని మొదట్లో ముక్కున వేలేసుకున్న జోగమ్మే, కుళాయి దగ్గర అందరికీ "మా కోడలు తిండి డాక్టరు" అని చెప్పుకుని మురిసిపోయింది.

కిందటి నెలలో జోగమ్మకి షుగరుందని తేలింది. పొద్దున్న ఫలహారానికి అరగంట ముందు వేసుకోమని డాక్టరు మాత్ర రాసిచ్చాడు. సరిగ్గా అప్పుడే ఆసుపత్రిలో కామేశ్వరికి ఒక పని అప్పగించారు. ఒక షుగరు రోగిని ఎంచుకుని, వారం పాటు వాళ్ళ ఇంట్లోనే పక్కన కూర్చుని, ఏం తింటున్నారో, ఎంత తింటున్నారో, ఎప్పుడు తింటున్నారో కళ్ళారా చూసి రాయాలి. ఆ తర్వాతే వాళ్ళకి తిండి పద్ధతి చెప్పాలి. కామేశ్వరికి ప్రాణం లేచొచ్చింది. రోగి ఇంట్లోనే ఉంది, ఎక్కడికీ తిరగక్కర్లేదు.

అప్పటికి గవర్రాజు రాత్రి షిఫ్టులో ఉన్నాడు. ఆయన పొద్దున్నే ఇంటికొచ్చి తినగానే జోగమ్మ కూడా తినేసింది. కామేశ్వరి ఆ ఒక్క పూట గుమ్మంలో నిలబడి చూసింది, రాసుకుంది. మర్నాడు వార్డులో పని ఉంది, ఆ మర్నాడు నీరసంగా ఉంది. అత్త తిండి ఏ రోజైనా ఒకటే కదా అనుకుని, మిగిలిన వారమంతా బస్సులో కూర్చుని రాసేసింది. మాత్ర ఏడింటికి వేసుకోమంది. రాత్రి అన్నం తగ్గించమంది. మిగతాదంతా మామూలుగానే తినమంది. ఆ ఇంట్లో జోగమ్మకి మామూలంటే ఏమిటో ఆమెకి తెలియదు. పెళ్ళయిన ఇన్నాళ్ళలో అత్త అన్నం తింటుంటే కూర్చుని చూసిన పాపాన పోలేదు.

బుధవారం పన్నెండు దాటాక ఆసుపత్రికి ఫోనొచ్చింది. మీ అత్తగారు పడిపోయారు, రమ్మన్నారు. కామేశ్వరి ఆటోలో కంచరపాలెం డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి బల్ల మీద జోగమ్మ కళ్ళు మూసుకుని ఉంది. చేతికి గ్లూకోజు ఎక్కుతోంది. పక్కింటి గంగాలమ్మ తడి చీరతోనే నిలబడి ఉంది.

"కుళాయి కాడ బిందెత్తబోయి అలా ఒరిగిపోనాదమ్మా. ఒళ్ళంతా సెమటలు. పిలిస్తే పలకనేదు. నాకు కాళ్ళూ సేతులూ ఆడనేదు."

డాక్టరు విసుగ్గా చూశాడు. "షుగరు బాగా పడిపోయింది. మాత్ర వేసుకుని ఇంతసేపు ఏమీ తినకుండా ఉంటారా? ఇంకాస్త ఆలస్యమైతే నేను చేసేదేమీ ఉండేది కాదు. మీ ఇంట్లో చెప్పేవాళ్ళు లేరా?"

చెప్పేవాళ్ళు ఉన్నారు. చెప్పే చదువు చదువుతున్న మనిషి ఆయన ఎదురుగానే ఉంది. కామేశ్వరి గోడ మీది గడియారం చూసింది. గవర్రాజు ఇంకా ఇంటికి రాలేదు. ఆయన తినలేదు, కాబట్టి ఈవిడ తినలేదు. రాత్రి షిఫ్టు పోయి పొద్దుటి షిఫ్టు వచ్చింది, దాంతో అత్త తిండి వేళ కూడా మధ్యాహ్నానికి జరిగిపోయింది. మాత్ర మాత్రం తను చెప్పినట్టే ఏడింటికి పడుతోంది. పక్కన కూర్చుని చూసి ఉంటే షిఫ్టు మారగానే తెలిసిపోయేది.

సాయంత్రం జోగమ్మని ఇంటికి తెచ్చి మంచమ్మీద పడుకోబెట్టారు. గవర్రాజు భయమంతా కోపంగా మారింది.

"ఏటే నీ మొండితనం? సదువుకున్న పిల్ల కూసోబెట్టి సెప్పింది గదా! మాట ఇంటే నీ సొమ్మేటి పోతాది?"

"అమ్మ ఎప్పుడూ ఇంతే నాన్నా," అర్జునరావు అందుకున్నాడు. "మాత్ర మింగి తినకుండా ఎవరైనా ఉంటారా? రేపు ఏదైనా అయితే కామేశ్వరికి కదా మాట వచ్చేది! తిండి డాక్టరు ఇంట్లో ఇదీ పరిస్థితి అంటారు."

కామేశ్వరి గుమ్మం పట్టుకుని నిలబడింది. తప్పు నాది అన్న మాట గొంతులోకి వచ్చింది. అక్కడే ఆగిపోయింది. చెబితే ఆసుపత్రిలో తెలుస్తుంది, సంతకం పోతుంది, ఇంట్లో పరువు పోతుంది. ఈ లెక్కలన్నీ ఆ కాస్త సేపట్లోనే వేసుకుంది, అందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"నాదే తప్పు. ఒగ్గేయండి," అంది జోగమ్మ నీరసంగా. "ఆ పిల్ల సరిగానే సెప్పింది. నాకే బుర్ర పన్జెయ్యనేదు. అమ్మీ, నువ్వు పొద్దుట్నించీ ఏటీ తిన్నట్టు నేవు, ముందు తిను."

ఆ మాట కామేశ్వరికి చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది. కంచం ముందు కూర్చుంది గాని ముద్ద దిగలేదు.

మర్నాడు ఆసుపత్రిలో పెద్ద డైటీషియన్ వెంకటరమణమ్మ గారి గదిలోకి వెళ్ళి నిలబడింది. ఆవిడది గోదావరి జిల్లా. మాట మెత్తన, పని మాత్రం కచ్చితం.

"మీ అత్తగారికి ఎలా ఉందమ్మా?"

"బాగానే ఉందండి. డాక్టరుగారు మాత్ర సగానికి తగ్గించారు. మేడం, నేను వారమంతా పక్కన కూర్చోలేదండి. ఒక్క పూట చూసి మిగతాది రాసేశాను."

"దగ్గరుండి చూశావా అని నేను అడిగాను కదమ్మా?"

"అడిగారండి. చూశానని అబద్ధం చెప్పాను."

"మన ఇళ్ళలో ఆడవాళ్ళని ఎన్నింటికి తింటారని అడిగితే ఏం తెలుస్తుంది? ఎవరు తిన్నాక తింటారని అడగాలి. అది ఏ పుస్తకంలోనూ రాయరు. అందుకే పక్కన కూర్చోమంటాం." ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఇప్పటిదాకా చేసింది నేను లెక్కలోకి తీసుకోను. చేస్తానంటే మళ్ళీ మొదటి నుంచి చెయ్యి. ఇంట్లో చెప్పావా?"

"ఇంకా లేదండి."

"నాకు చెప్పడం తేలికమ్మా. సంతకం ఒక్కటే పోతుంది. వెళ్ళి అక్కడ చెప్పు."

సాయంత్రం ఇంటికొచ్చేసరికి జోగమ్మ మంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. గవర్రాజు అరుగు మీద ఉన్నాడు. అర్జునరావు అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. కామేశ్వరి చెప్పులు విప్పి నేరుగా వచ్చి అత్త కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది. అందరూ వింటుండగానే చెప్పేసింది. ఒక్క పూట చూడడం, బస్సులో రాయడం, నిన్న నోరు విప్పకపోవడం, ఏదీ దాచలేదు.

జోగమ్మ చింతపండు పక్కన పెట్టేసింది.

"బస్సులో రాసీసావా నన్ను?"

"అవునత్తా."

"కుళాయి కాడ అందరికీ సెప్పుకున్నానే. మా కోడలు వారం దినాలు నా పక్కనే కూసుని, నా తిండి సూసి రాస్తాదని. కన్నకూతురైనా అలా కూసోదని." జోగమ్మ కోడలి వైపు తిరిగింది. "పడిపోయినందుకు కాదే నాకు కోపం. నిన్న ఈయన తిడతంటే నువ్వు గుమ్మం కాడే నిలబడ్డావు. పిల్ల బయపడిపోనాదిలే అనుకున్నాను. నీకు తెలిసే నిలబడ్డావా?"

అబద్ధమాడే అవకాశం అప్పటికీ ఉంది. "తెలిసే నిలబడ్డాను," అంది కామేశ్వరి. కన్నీళ్ళు కారి ఒళ్ళో పడుతున్నాయి.

అర్జునరావు తువ్వాలు దండెం మీదకి విసిరాడు. "చాలు ఇంక. రేపటి నుంచి ఆ ఆసుపత్రీ వద్దు, ఆ చదువూ వద్దు. ఇంట్లో మనిషి ప్రాణం మీదికి తెచ్చిన చదువు ఎవరికి కావాలి?"

"నువ్వు నోరు ముయ్యరా!" జోగమ్మ అంత గట్టిగా అరవడం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. "నిన్న నన్ను తిట్టినప్పుడు నువ్వు కనుక్కున్నావా, ఎందుకు తిన్నేదమ్మా అని? ఇది మానీడానికా నాను ఇన్నాళ్ళు పొగలో కూసుని దానికి క్యారేజీ కట్టింది? తప్పు సేసింది గదా, అది కూసునే దిద్దుకోవాల. మల్లీ కూసోమను నా పక్కన. ఈసారి నిజంగా కూసోమను."

కామేశ్వరి అత్త మోకాళ్ళ మీద తల పెట్టి ఏడ్చింది. జోగమ్మ ఆ తల నిమరలేదు. కోపం ఇంకా పోలేదు. అలాగని తోసెయ్యనూ లేదు.

"కానీ ఒకటి సెప్తన్నాను," అంది కాసేపటికి. "ఆయన తినకుండా నాను తిన్నేను. డాట్రు సెప్పినా, ఎవలు సెప్పినా అంతే. ఆయన అక్కడ ఎండలో బరువు లాగతంటే నాను ఇక్కడ కూసుని ఎలా మింగుతాను?"

గవర్రాజు అరుగు మీంచి లోపలికి చూశాడు. బీడీ వెలిగించబోయి మానేసి, లేచి వీధిలోకి వెళ్ళిపోయాడు.

శుక్రవారం చీకటితోనే లేచిన గవర్రాజు, టీ గ్లాసు పక్కన పెట్టి వంటింట్లోకి తొంగి చూశాడు. "ఏటున్నాది తినడానికి?"

జోగమ్మ తెల్లబోయింది. "ఇప్పుడా? నిన్నటి చోడంబలి ఉన్నాది. అయినా ఈ వేళప్పుడు మీకు దిగదు గదా!"

"దిగితే దిగుతాది, నేకపోతే నేదు. ఇలాగియ్యి."

పీట వేసుకుని కూర్చున్నాడు. ఆ రాగి అంబలి ఒక్కో గుటకకీ మొహం చిట్లించాడు. ఉల్లిపాయ ముక్క కొరికి, మందు తాగినట్టు గిన్నె ఖాళీ చేసి మూతి తుడుచుకున్నాడు. "నాను తినీసాను. డ్యూటీలో కునుకొచ్చి మేస్త్రీ చేత తిట్లు తిన్నా పర్లేదు. ఇంక నీకు వంక నేదు." వెనక్కి చూడకుండా సైకిలెక్కాడు.

జోగమ్మ చాలాసేపు ఆ ఖాళీ గిన్నె వంకే చూస్తూ ఉండిపోయింది.

రేడియోలో వార్తలు మొదలయ్యాక సగం మాత్ర వేసుకుంది. అర్జునరావు బస్సు వెళ్ళిపోయింది. కామేశ్వరి మాత్రం కదల్లేదు. ఇవాళ ఆలస్యంగా వస్తానని వెంకటరమణమ్మ గారికి ముందే చెప్పుకుంది. అరగంట గడిచాక అత్త కంచంలో ఇడ్లీలు పెట్టి, ఎదురుగా కూర్చుంది. కంచం అందుకున్న జోగమ్మ గుమ్మానికి వీపు పెట్టి, గోడ వైపు తిరిగింది. చిన్న ముక్క తుంపి, ఎవరైనా చూస్తారేమో అన్నట్టు గబగబా నోట్లో పెట్టుకుంది. ఇంటిల్లిపాదికీ వండి పెట్టే మనిషి, తన ఇంట్లో తను దొంగలా తింటోంది.

"అలా సూత్తావేటే? సిగ్గేస్తంది."

కామేశ్వరి చూపు తిప్పుకోలేదు. క్షమించమని అడగాలని రాత్రంతా మాటలు కూర్చుకుంది. ఇప్పుడు అవన్నీ పనికిమాలినవిగా తోచాయి. అడగాల్సింది ఒకటే, దాన్ని ఇంతవరకూ ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు.

"అత్తా, ఆ రోజు పడిపోకముందు నీకు ఆకలేసిందా?"

జోగమ్మ గోడ వైపే చూస్తూ చెప్పింది.

"ఏసింది. శానా ఏసిందే అమ్మీ. మూడు దినాల్నించీ ఏస్తానే ఉన్నాది. సదువుకున్నదానివి నువ్వు సెప్పిన మాత్ర గదా, అది ఏసుకుంటే ఆకలి అలాగే ఉంటాదేమో అనుకున్నాను."

కామేశ్వరి జరిగి వెళ్ళి, గోడకీ అత్తకీ మధ్య ఇరుక్కుని కూర్చుంది. అత్త కంచంలోంచే ఇడ్లీ ముక్క తుంపి ఆమె నోటికి అందించింది. జోగమ్మ ఏడుస్తూనే నోరు తెరిచింది.