మేడమీద తలుపులు మూసేదెవరు

ఆ లైబ్రరీ మేడమీదికి పొద్దు గూకాక ఒంటరిగా వెళ్లే మనిషి లేడు.

పగలంతా బాగానే ఉంటుంది. పాత కాగితాల వాసన, ఫ్యాన్ల రొద, పేపరు మొహం మీద కప్పుకుని కునుకు తీసే పెద్దమనుషులు... కానీ చివరి మనిషి మెట్లు దిగిపోయి, దీపాలు ఆరిపోయాక — అక్కడ ఏదో నడుస్తుంది.

నడుస్తుందని ఎలా తెలుసంటారా? తలుపులు చెబుతాయి.

మేడమీద పొడుగాటి నడవ. దానికి మధ్యమధ్యలో అడ్డంగా బరువైన చెక్క తలుపులు. పగలు ఆ తలుపులన్నీ బార్లా తెరుచుకుని గోడకి ఆనుకుని ఉంటాయి. రాత్రి... గాలి ఉండదు, మనిషి ఉండడు... ఆ చివరెక్కడో ఉన్న తలుపు మెల్లగా కదులుతుంది. దబ్!

కాసేపు నిశ్శబ్దం.

దాని ఇవతలది... దబ్! ఇంకా ఇవతలది... ఎవరో ఒక్కో తలుపూ మూసుకుంటూ మీ వైపే వస్తున్నట్టు. ఆఖరి తలుపు కూడా పడ్డాక, చీకట్లో ఒక పసుపుపచ్చ కన్ను తెరుచుకుంటుంది. సన్నగా మూలుగు మొదలవుతుంది... కీ... కీ... కీ...

దగ్గరికి జరగండి, అలా తలుపు దగ్గర కూర్చోకండి. దేవుడున్నాడు, మనకేం కాదు. నాకైతే కాదు. మీ సంగతి మీ నమ్మకాన్ని బట్టి.

ఆ లైబ్రరీలో సాయంత్రం గది — అంటే సాయంత్రం పూట తెరిచుంచే చదువుకునే గది — చూసుకునే పనికి కుదిరినవాళ్లు ఒక్కరూ నిలవలేదు. ఒకాయనైతే చెప్పులు అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. వాటి కోసం మళ్లీ రానేలేదు. అలాంటి చోట పనికి చేరింది ఎవరనుకున్నారు? మా పిన్ని.

పిన్ని గురించి చెప్పాలి. ఆవిడ అప్పటిదాకా బయట పనికి వెళ్లి ఎరగదు. అందరూ వెళ్లాక తలుపేసుకోవడమే తప్ప, తనే తాళం వేసి పనికి బయల్దేరడం ఆవిడకి అదే మొదటిసారి. ఆ లైబ్రరీ తాళాల గుత్తి చేతిలో పడ్డ రోజున మా ఇంటికొచ్చి, "అక్కా, చూడవే, ఎంత బరువుందో!" అని మా అమ్మ చేతిలో పెట్టి మళ్లీ లాక్కుంది. అంత మురిపెం. మనిషి కూడా పనిలో అంత శ్రద్ధ. మనం కుర్చీలోంచి లేవకముందే ఫ్యాను ఆపేసే రకం.

లైబ్రేరియన్ గారు ముందే చెప్పారు. "అమ్మా, ఇదే ఆఖరు. మీరూ పారిపోతే సాయంత్రం గది ఎత్తేస్తాను. ఇంకో మనిషిని వెతికే ఓపిక నాకు లేదు."

"నేనెందుకు పారిపోతానండీ?" అంది పిన్ని.

మర్నాడే మా ఇంటికొచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. "అక్కా... తలుపులే..." అంది.

మా అమ్మ మంచినీళ్లిచ్చి, "పోనీ మానెయ్యవే" అంది.

"మానను," అంది పిన్ని, వణుకుతూనే. "చచ్చినా మానను. ఈ రాత్రికి మీ మరిదిని తోడు తీసుకెళ్తాను. ఆయనుండగా కూడా ఆ తలుపులు పడ్డాయంటే... అప్పుడు తాళాలిచ్చేస్తాను. ఇంతే నా రాత అనుకుంటాను."

ఇక బాబాయి. ఆయనకో వ్యసనం ఉంది. తాగుడు కాదు, పేకాట కాదు — ఫైర్ అలారాలు!

నవ్వకండి. మనుషుల్లో ఎన్ని రకాలుంటారో భగవంతుడికి తెలియదా? మనం బ్యాంకుకి వెళ్తే కౌంటరు చూస్తాం. ఆయన గోడ మీద ఎర్ర గంట చూస్తాడు. అద్దం పగలగొట్టి నొక్కే చిన్న పెట్టె ఎక్కడుందో చూస్తాడు. పైకప్పుకి పొగ పసిగట్టే గుండ్రటి బిళ్లలెన్నున్నాయో లెక్కపెడతాడు. ఏ కంపెనీది, ఏ కాలంది, పైన ఎన్ని పూతల రంగు పడింది — చూసి, మురిసి, ఫోటో తీసుకుంటాడు. ముట్టుకోడు. అది ఆయన నియమం. సినిమాహాల్లో జనమంతా తెర చూస్తుంటే, బయటికి పోయే దారి పక్కనున్న గంటని చూసి కళ్లనీళ్లు పెట్టుకున్న మనిషి.

నేను పుట్టిన రోజు ఆస్పత్రికి వచ్చాడు. నన్ను ఎత్తుకుని, "అబ్బ... ఎంత ముద్దుగా ఉందో! ఇలాంటిది ఇంకెక్కడా చూళ్లేదు!" అన్నాడు. మా అమ్మ పొంగిపోయింది. తీరా చూస్తే ఆయన చూపు నా మీద లేదు. ఉయ్యాల పైన, కప్పు మీదుంది.

ఆ రోజే పిన్ని ఆయన చెయ్యి లాగి తన నెత్తిన పెట్టుకుంది. "నేనుగా అడిగితే తప్ప ఆ గంటల మాట నా దగ్గర ఎత్తనని ఒట్టెయ్యండి."

వేశాడు. ఆయన అసలే దైవభక్తి గలవాడు. ఒట్టు తప్పితే పెళ్లాం తల పగిలిపోతుందని మనస్ఫూర్తిగా నమ్మాడు. అప్పట్నుంచీ ఆ ఇంట్లో అలారం మాట లేదు. ఆవిడ అడగలేదు, ఆయన చెప్పలేదు. నాకు జడలేసే వయసొచ్చినా ఆ ఒట్టు అలాగే ఉంది.

సరే... ఆ రాత్రి.

చివరి పాఠకుడు వెళ్లిపోయాడు. పిన్ని కుర్చీలు సర్దింది. ఇద్దరూ మేడ మెట్లెక్కారు. పైకి రాగానే బాబాయి ఆగిపోయాడు. తలుపుల వంక చూశాడు. తలుపుల వెనకున్న గోడ వంక చూశాడు. మొహం దీపం పెట్టినట్టు వెలిగిపోయింది.

"ఏమండీ, ఎందుకలా నవ్వుతున్నారు?" అంది పిన్ని.

బాబాయి నోరు తెరిచాడు. ఇది అడగడం కిందికి వస్తుందా, రాదా? ఆవిడ అడిగింది నవ్వు గురించి గానీ గంటల గురించి కాదుగా! నోరు మూసేశాడు. "ఏం లేదే" అన్నాడు. అంతటి నిష్ఠాపరుడు.

ఆయన మెడ వెనక్కి వాల్చుకుని నడవలో నిలబడిపోయాడు. ఈలోగా పిన్ని ఒక్కో లైటూ ఆపుకుంటూ మెట్ల దగ్గరకొచ్చింది. ఆఖరున, ముందురోజులాగే, ఒక్క బల్బు కూడా పొరపాటున వెలగకుండా అక్కడున్న మెయిన్ స్విచ్ కూడా దించేసింది.

చిమ్మచీకటి. తడుముకుంటూ వచ్చి మొగుడి చొక్కా పట్టుకుంది.

దూరంగా... కిర్రు...

దబ్!

పిన్ని కళ్లు గట్టిగా మూసుకుంది. పెదాలు దేవుడి పేరు పలుకుతున్నాయి.

దబ్!

దగ్గరికొచ్చేసింది.

దబ్!

కన్ను తెరుచుకుంది. మూలుగు మొదలైంది. కీ... కీ...

అప్పుడు — ఆవిడ చెవి పక్కనే — బొంగురుగా, గొంతు నులిమినట్టు ఒక స్వరం. "అడుగు..."

పిన్నికి పైప్రాణం పైనే పోయింది. ఆ గొంతు బాబాయిది. కానీ బాబాయి గొంతు అలా ఉండదు!

"అడుగు... నన్నడుగు... ఒక్క మాట... అడుగు..."

దెయ్యం మొగుడిలో దూరింది. ఇంకేముంది? పిన్ని గబుక్కున చేతులు జోడించింది. "మీరెవరైనా సరే, మీకు దణ్ణం పెడతాను... ఆయన అమాయకుడు... ఆయన్ని వదిలెయ్యండి..." దెయ్యానిక్కూడా మర్యాద తగ్గనివ్వలేదు మా పిన్ని.

"అది కాదు!" అంది ఆ గొంతు, ఏడుపు వస్తున్నట్టు. "తలుపులు... తలుపుల గురించి అడుగు!"

"తాళాలిచ్చేస్తాను! రేపే ఇచ్చేస్తాను! నాకీ ఉద్యోగం వద్దు..." ఆ మాట అనగానే పిన్నికి నిజంగానే ఏడుపొచ్చేసింది. ఏడుపులోంచి ఉక్రోషం వచ్చింది. "అయినా మీకేం అన్యాయం చేశానని? నా పని నేను చేసుకుంటున్నానే! ఎందుకండీ ఆ తలుపులు మూసుకుంటున్నాయి?"

"అడిగావు!" అని బాబాయి ఎగిరి గంతేశాడు. "దేవుడు సాక్షి, నువ్వే అడిగావు!"

ఇన్నేళ్లుగా ఆపుకున్న మనిషి కదా... ఇక ఆగలేదు. "ఆ తలుపులు మూసుకోవడం కాదే, వాటిని పట్టుకున్నవి వదిలేస్తున్నాయి! గోడకి గుండ్రంగా ఉన్నాయే, అవి అయస్కాంతాలు! ఇంత పాతకాలంవి నేనింతవరకు ఫోటోల్లోనే చూశాను! కరెంటున్నంతసేపే పట్టుకుంటాయి. మంటలొస్తే తలుపులు వదిలేస్తాయి, పొగ అటునించి ఇటు రాకుండా. కరెంటు పోయినా వదిలేస్తాయి, స్ప్రింగు లాగి మూసేస్తుంది! స్ప్రింగుల బిగువు ఒక్కోదానికి ఒక్కోలా ఉంది, అందుకే ఒకదాని తర్వాత ఒకటి!"

"మరి... ఆ కన్ను?"

"అలారం పెట్టె. కరెంటు పోయింది, బ్యాటరీ మీద బతుకుతున్నాను, ఎవరైనా వచ్చి చూడండి బాబూ అని ఏడుస్తోంది, పాపం."

పిన్నికి ఇంకా నమ్మకం కుదరలేదు. కిటికీలోంచి చూసింది. వీధి దీపాలు దేదీప్యమానంగా వెలుగుతున్నాయి. "కరెంటు పోలేదుగా?"

"ఇందాకే ఎవరో మెయిన్ దించారే" అన్నాడు బాబాయి.

కీ... కీ...

"...నేనే," అంది పిన్ని.

చూశారా మరి! ఆ దెయ్యం ఎవరికి పడితే వాళ్లకి కనిపించేది కాదు. పనిలో అతిశ్రద్ధ ఉన్నవాళ్లకే దర్శనం. బద్ధకస్తుడెవడైనా ఆ పనికి కుదిరుంటే, మెయిన్ జోలికి పోకుండా హాయిగా రిటైరయ్యేదాకా చేసుకునేవాడు!

పిన్ని వెళ్లి మెయిన్ ఎత్తింది. మూలుగు ఆగింది. కన్ను ఆకుపచ్చగా మారింది. ఒక తలుపు తనే తోసింది. గోడ దాకా వెళ్లి "టక్" మని అతుక్కుందది. ఇంకోటి తోసింది. టక్.

"పైకి రాగానే తెలుసా మీకు?"

"రాగానే."

"మరి చెప్పి చావచ్చుగా!"

"నీ తల..." అన్నాడు బాబాయి, నేల చూస్తూ. "ఒట్టు కదే."

తిడదామనుకుంది పిన్ని. తిట్టలేకపోయింది. చీకట్లో దెయ్యం మీదికి వస్తోందని తను వణుకుతుంటే, ఈ మనిషి తన తల పగులుతుందేమోనని వణుకుతున్నాడు! తాళాల గుత్తి గట్టిగా పట్టుకుని, ఆవిడ తలెత్తి కప్పు వంక చూసింది. జన్మలో మొదటిసారి, తనంతట తాను అడిగింది.

"ఏమండీ... పైన ఆ బోర్లించిన గిన్నెలాంటిది... అదేమిటి?"

ఆ క్షణంలో బాబాయి మొహం చూడ్డానికి నేనక్కడ లేకపోయాను. ఆ ఒక్కటే నా బాధ.

ఆ తర్వాత పిన్ని తాళాలు ఇవ్వలేదు. లైట్లు ఆపుతుంది, మెయిన్ ముట్టుకోదు. తలుపులూ పడవు, కన్నూ లేదు. ఇప్పటికీ ఆ గది ఆవిడదే. పైగా ఇప్పుడు మూసే వేళకి "వెళ్లండి బాబూ" అని ఎవర్నీ బతిమాలాల్సిన పని లేదు. పొద్దు గూకితే చాలు, మేడ ఖాళీ.

అదేమిటి, దెయ్యం పోయిందిగా అంటారా?

ఆ సంగతి ఎదురుగా టీ కొట్టాయన్ని అడగండి. ఆ రాత్రి ఆయన కొట్టు కట్టేస్తూ మేడమీది కిటికీల వంక చూశాడట. నాకు స్వయంగా చెప్పాడు... గొంతు తగ్గించి, అటూ ఇటూ చూసి.

"ఇద్దరమ్మా. ఒక ఆడ, ఒక మగ. తలలు రెండూ వెనక్కి విరిగిపోయి వీపు మీదికి వాలిపోయాయి. చేతిలో చిన్న దీపం. అలా... మెల్లగా... ఈ చివర్నుంచి ఆ చివరికి నడుస్తున్నారు. మగది వేలెత్తి పైకి చూపిస్తుంది, ఆడది ఊఁ కొడుతుంది. మీ పిన్నిని జాగ్రత్తగా ఉండమని చెప్పమ్మా."

"అలాగే చెబుతాను," అన్నాను, పెదవి కొరుక్కుంటూ.

ఆయన గ్లాసు కడుగుతూ ఆగిపోయాడు.

"ఒక్కటే అంతుపట్టదమ్మా నాకు. చచ్చిన తర్వాత కూడా ఆ మగమనిషికి... అంత సంతోషమేమిటి?"