ఎనిమిదో సెట్

ఉదయశ్రీని చూడకముందే నేను ఆమె పళ్ళు చూశాను. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో మా ల్యాబ్. క్లినిక్ నుంచి పళ్ళ స్కాన్ వస్తుంది, మెషిన్ సెట్టుకో అచ్చు తీస్తుంది, ఆ అచ్చు మీద వేడి ప్లాస్టిక్ షీట్ అదిమితే, వంకర పళ్ళను సెట్టుకు కొంచెం చొప్పున జరిపే అలైనర్ తయారవుతుంది. దాని అంచులు కోసి నున్నగా చేసేది బాలరాజు, అంటే నేను. నా కోత చిగుళ్ళకు గుచ్చుకోదని క్లినిక్కుల్లో పేరు. ఆ పేరు చూసుకుని నాకు కొంచెం పొగరు కూడా.

అలాంటిది ఆమె తొమ్మిదో సెట్ పట్టలేదని ఉప్పల్ క్లినిక్ నుంచి తిరిగొచ్చింది. మళ్ళీ చేసి, నేనే తీసుకెళ్ళాను. దారంతా వాన. తడిసిన చొక్కాతో లోపలికి వెళ్తే, కుర్చీలో చేతులు కట్టుకుని ఒకమ్మాయి.

"నా పళ్ళ మీద ప్రయోగాలు చేసేది మీరేనా?"

"ప్రయోగం గాదు మేడం, పని."

"పనైతే పట్టాలి కదా!"

పట్టలేదు. ముందు పళ్ళ దగ్గర లేచే ఉంది. ఇంకోటి చేసి తెచ్చేదాకా పాత సెట్టే పెట్టుకోమన్నారు డాక్టర్ సూర్యకళ గారు.

"ఇంకోపారి వాపస్ వస్తే నీ కటింగ్ టేబుల్ కళ్యాణ్‌కిస్త. నువ్వు ప్యాకింగ్ల కూసో," అన్నాడు మా మేనేజర్ నరేన్ సార్. ఆరేళ్ళు కష్టపడి సంపాదించుకున్న టేబుల్ అది. ఆ రాత్రి అన్నం సహించలేదు.

క్లినిక్‌లో నా నంబర్ తీసుకుందట, మర్నాటి నుంచి ఆమె మెసేజ్‌లు. 'ఇవి పళ్ళకు చేశారా, కాళ్ళకా?'

'సైజు చెప్పున్రి మేడం, రెండూ చేస్తం.'

హబ్సిగూడలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తుందట. 'ఇవి పెట్టుకుని నేను స్ప్రింగ్ అన్నప్పుడల్లా ఫస్ట్ బెంచీ తడుస్తోందండీ!' అని ఒకరోజు. తిట్లు అయిపోయాక కూడా మెసేజ్‌లు ఆగలేదు. పదో రోజుకు 'తిన్నారా?' దగ్గరికి వచ్చాం. ఫోన్ మోగితే నాకు ముందే నవ్వొచ్చేది.

మూడోసారి ఆమె అచ్చులన్నీ సంచిలో వేసుకుని వెళ్ళాను. కొత్తదీ పట్టలేదు. ఒక్కో అచ్చూ తీసి ఆమె పళ్ళతో పోల్చి చూశాను. ఏడో అచ్చు అచ్చంగా సరిపోయింది. అంటే పళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"మేడం, ఎనిమిదో సెట్ పెట్టుకున్నరా?"

"పెట్టుకున్నానుగా," అని ఆమె కిటికీలోంచి వాన చూడసాగింది. చెవులు ఎర్రబడ్డాయి.

పక్క గదిలోనే డాక్టర్. ఆ అచ్చు చూపిస్తే నా టేబుల్ నాకు దక్కేది. చూపించలేదు. ఆమె మీద కోపం వచ్చింది, అంతకంటే నోరు విప్పలేని నా మీద వచ్చింది.

నరేన్ సార్ అడిగితే "ఏమో సార్" అన్నాను. ప్యాకింగ్‌లో మూడు రోజులు లేబుళ్ళు అంటించాను. ఆమె మెసేజ్‌లకు జవాబివ్వలేదు. ఆమె ల్యాబ్‌కే ఫోన్ చేస్తే నా టేబుల్ పోయిన సంగతి కళ్యాణ్ చెప్పేశాడు.

నాలుగో రోజు ఆమే వచ్చింది. వెంట వాళ్ళ నాన్న సుబ్రహ్మణ్యం గారు, రిటైరైన హెడ్ క్లర్క్. ఆమె చేతిలో సీలు విప్పని ప్యాకెట్.

"సార్, ఈయన తప్పేమీ లేదు," అంది నరేన్ సార్‌తో. "ఎనిమిదో సెట్ నేను పెట్టుకోనేలేదు. డాక్టర్ గారికీ అబద్ధం చెప్పాను. ఇప్పుడే ఆవిడకూ నిజం చెప్పి వస్తున్నాం."

"ఎందుకు పెట్టుకోలేదమ్మా?"

సుబ్రహ్మణ్యం గారు గొంతు సవరించుకున్నారు. "ఎనిమిది శని సంఖ్యండీ, మా ఇంటికి పడదు. ఫోన్ నంబరైనా కూడి చూసుకునే తీసుకుంటాం. ఒక్క సెట్టే కదా, వదిలెయ్యమని నేనే అన్నాను."

"ఫిజిక్స్ లెక్చరర్‌ని. ఈ మాట ఏ మొహం పెట్టుకుని చెప్పను?" అంది ఉదయశ్రీ.

నరేన్ సార్ నవ్వు ఆపుకోలేక, మోగని ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. "పో బాలరాజు, నీ టేబుల్ కాడ కూసో పో," అంటూ బయటికి నడిచాడు.

ఆమె నా టేబుల్ దగ్గరికొచ్చింది. "మీకు ఆరోజే తెలిసిపోయింది కదా. ఎందుకు చెప్పలేదు?"

"అబద్ధమాడనీకె మీరు మస్తు తిప్పలపడ్డరు మేడం. ఇంకింత తిప్పలపెట్ట బుద్ధిగాలే."

ఆమె కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. సుబ్రహ్మణ్యం గారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు.

"నీ పుట్టినరోజు ఎప్పుడు బాబూ?"

చచ్చాననుకున్నాను. "జూన్ ఇరవై ఆరు సార్."

రెండూ ఆరూ కూడటానికి ఆయన వేళ్ళు మడవసాగారు.

"నాన్నా, కూడొద్దు," అంది ఉదయశ్రీ. "నాకీయన నచ్చాడు. ఎంతొచ్చినా నచ్చాడు."

కళ్యాణ్ మెషిన్ ఆపేశాడు. సుబ్రహ్మణ్యం గారు కాసేపు కూతురినే చూసి, ఆమె చేతిలోని ప్యాకెట్ తీసుకుని తనే సీలు చింపారు.

"ముందు ఇది పెట్టుకో అమ్మా."

పక్కకు తిరిగి పెట్టుకుంది. సెట్ పళ్ళ మీద టక్కున కూర్చుంది. వంగి చూశాను, ఎక్కడా సందు లేదు.

"నొప్పిగా ఉందా?" అన్నారాయన.

"కొంచెం బిగుతుగా ఉంది నాన్నా. బాగుంది."

ఆయన మడిచిన వేళ్ళు విప్పేసి నా భుజం మీద చెయ్యి వేశారు. "ఆదివారం రామంతాపూర్ రా బాబూ, మా ఇంటికి. మీ అమ్మానాన్నల్నీ తీసుకురా."

"ఎన్ని గంటలకు రావాలె సార్?"

ఆయన ఒక్క క్షణం ఆలోచించారు.

"నీ ఇష్టం," అన్నారు.