అరుణక్క ఇంటికి దారి

రండమ్మా, కాస్త ముందుకు జరిగి కూర్చోండి. ముందుగా ఆ ఏడుకొండలవాడికి ఓ దండం పెట్టుకుందాం. ఎందుకంటే ఈ కథ జరిగింది ఆయన గదిలోనే.

కంప్యూటరు చదివినవాళ్ళని దేశాలన్నీ పోటీలు పడి పిలుచుకుంటున్న రోజులవి. మన సింగపూర్‌లోనే, సెంబవాంగ్‌లో కొత్తగా కట్టిన బ్లాకులో తొమ్మిదో అంతస్తు, ఎడమ చేతి వైపు రెండో ఇల్లు అరుణది. వంటింటి పక్కన ఆ చిన్న గది ఉంటుందే, యుద్ధమొస్తే దాక్కోమని సర్కారు కట్టించిన షెల్టరు... మందపాటి గోడలు, కిటికీ ఉండదు, బరువైన ఇనప తలుపు, దానికి లోపల్నుంచి బిగించుకునే పిడులు. ఎదురింటి చైనా ఆంటీ అందులో చీపుర్లూ బియ్యం డబ్బాలూ పెట్టుకుంది. అరుణ దేవుణ్ణి పెట్టుకుంది.

"బాంబు పడితే ముందు మీ స్వామి క్షేమం. మన సంగతి తర్వాత," అని ఏడిపించేవాడు మొగుడు మహీధర్.

చాంగీ బిజినెస్ పార్క్‌లో అరుణతో పాటు పనిచేసే దీక్షిత ఏడాది పాటు వాళ్ళింట్లోనే ఉంది. బంగారంలాంటి పిల్ల, కానీ ఉరిమితే చాలు, పరుగున వెళ్ళి ఆ గదిలో దూరి తలుపేసుకునేది.

"పాతికేళ్ళొచ్చాయి. పెళ్ళిచూపులప్పుడు వానొస్తే ఏం చేస్తావే?"

"పెళ్ళికొడుకుని కూడా లోపలికి లాక్కుంటా అక్కా. దీపం దగ్గరుంటే నన్నేదీ ముట్టుకోదు."

అలాంటి పిల్లకి అమెరికాలో, ఓక్లహోమాలో ఉద్యోగం వచ్చింది. సుడిగాలులు ఇళ్ళని లేపుకుపోయే చోటు! బయల్దేరేరోజు దీపం ముందు కూర్చుని కళ్ళ నీళ్ళు పెట్టుకుంటే అరుణ ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. "ఎక్కడున్నా సరే, భయమేస్తే ఇక్కడికే వచ్చెయ్. స్వామి సాక్షిగా చెప్తున్నా, ఈ తలుపు తీసే ఉంచుతా." ఆ రోజు నుంచీ ఇనప తలుపు రెండు వేళ్ళ సందు తెరిచే ఉంచేది.

ఆర్నెల్లు గడిచాయి. మే నెలలో ఓ మంగళవారం. పొద్దున టీవీ పెడితే ఓక్లహోమా! ఆకాశం నుంచి నేలదాకా నల్లటి తొండంలా దిగిన గాలి. వీధులకి వీధులే లేవు, అంతా ఎర్రమట్టి. దీక్షిత ఉండే ఊరి పేరు కింద ఎర్ర అక్షరాల్లో పోతోంది.

అరుణ ఆఫీసుకి సెలవు చెప్పి ఫోన్ కార్డు గీకింది. నంబరు నొక్కింది. లైన్లు ఖాళీ లేవంది యంత్రం. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే. మహీధర్ ఆఫీసు నుంచి ఫోన్ చేసి, "తీగలు తెగుంటాయి, కంగారుపడకు," అన్నాడు గానీ వాడి గొంతులోనూ కంగారే.

ఆఖరికి గదిలోకి వెళ్ళి దీపంలో నూనె పోసింది. "స్వామీ, ఆ పిల్లకి తలదాచుకోవడానికి కాస్త చోటు చూపించు. నా ఇంట్లో అయినా సరే."

ఆ మాట అని బయటికి వచ్చిందో లేదో, పదకొండు గంటల వేళ పగలు ఆరిపోయింది. సుమత్రా వైపు నుంచి వచ్చే గాలివాన. మనకు అలవాటే కదా. అరుణ వంటింటి కిటికీకి పరిగెత్తి, బట్టలతో ఊగుతున్న వెదురు గెడలు ఒక్కొక్కటే లోపలికి లాక్కుంది. కిటికీలన్నీ బిగించింది. వెనక్కి తిరిగింది.

ఇనప తలుపు మూసి ఉంది.

గాలికి కదిలే తలుపు కాదది. లాగింది. రాలేదు. లోపల పిడులు బిగించి ఉన్నాయి.

తలుపు కింద నుంచి వాసన వస్తోంది. సాంబ్రాణిది కాదు. అప్పుడే పెళ్ళగించిన మట్టి, తెగిన పచ్చగడ్డి... లీకైన గ్యాసు.

"దీక్షితా?" అని పిలిచింది అరుణ.

లోపల ఎవరో ఊపిరి పీల్చుకున్నారు.

"భయపడకు..." దీక్షిత గొంతే! "అరుణక్క ఇంట్లో గది ఉంది. ఇనప తలుపు. దీపం ఉంటుంది..."

అరుణ తలుపుకి చెంప ఆనించి నేల మీద కూలబడింది. అయిపోయింది. ఇచ్చిన మాట పట్టుకుని, ప్రాణం పోయాక వచ్చింది పిల్ల.

"వచ్చావా తల్లీ... వచ్చేశావా..."

"లిఫ్టు ఎక్కి తొమ్మిదో అంతస్తు. ఎడమ చేతి వైపు రెండో తలుపు. చెప్పులు గుమ్మం బయటే విడవాలి..."

ఆగింది. మళ్ళీ మొదలు. "భయపడకు. అరుణక్క ఇంట్లో గది ఉంది..."

అదే మాట. అదే విరుపు. పాఠం అప్పజెప్పినట్టు.

ఫోన్ మోగింది.

"అక్కా! నేను... దీక్షితని. బతికే ఉన్నానక్కా!"

రిసీవర్లో దీక్షిత ఏడుస్తోంది. వెనక... వంటింటి పక్కన... దీక్షిత దారి చెబుతోంది.

"ఇల్లు పోయిందక్కా. బాత్ టబ్‌లో పడుకుని పైన పరుపు కప్పుకున్నా. ఎవరో ఫోన్ ఇస్తే చేస్తున్నా... వింటున్నావా?"

"నీతో... ఇంకెవరున్నారే?"

అవతల ఏడుపు ఆగిపోయింది.

"నీకెలా తెలుసు?" గుసగుసగా అడిగింది. "చీకట్లో ఎవరో వచ్చి నా పక్కనే దూరారు. ఆడమనిషి. చెయ్యి గట్టిగా పట్టేసుకుంది. మంచులా ఉందక్కా చెయ్యి. వణికిపోతోంది. పాపమనిపించి, తెలుగో ఇంగ్లీషో కూడా చూసుకోకుండా చెప్పేశా... భయపడకు, అరుణక్క ఇంట్లో గది ఉంది, కళ్ళు మూసుకో, అక్కడికి పోదాం అని. దారంతా చెప్పా. చెప్తూనే ఉన్నా. పరుపు తీసి చూస్తే నేనొక్కదాన్నే. చేతి మీద మాత్రం గోళ్ళ గుర్తులున్నాయి."

అరుణ వెనక్కి తిరిగి చూడలేదు.

"ఒక్కతేనా?"

"ఏమో అక్కా... చుట్టూ చీకట్లో... ఇంకా ఎవరెవరో వింటున్నట్టే అనిపించింది."

లైను తెగిపోయింది.

వాన ఆగిపోయింది. గదిలోని గొంతు కూడా. ఆ నిశ్శబ్దంలో ఒక పిడి కిర్రుమంది. రెండోది... మూడోది. ఇనప తలుపు మెల్లగా కదిలింది. సరిగ్గా రెండు వేళ్ళ సందు. ఆగింది.

అరుణ "గోవిందా, గోవిందా" అనుకుంటూ తొంగిచూసింది. ఎవరూ లేరు. దీపం వెలుగుతోంది. ఆ మూసిన గోడల మధ్య, గాలి లేని చోట, మంట ఒక పక్కకి వంగి లేస్తోంది... వంగి లేస్తోంది. దాని ముందు కూర్చుని ఎవరో ఊపిరి తీసుకుంటున్నట్టు.

మరి మీరైతే ఏం చేసేవాళ్ళమ్మా? తలుపు మూసేవాళ్ళేనా? స్వామి సాక్షిగా ఇచ్చిన మాట. భయపడి వచ్చినవాళ్ళని ఆయన ముందు నుంచి పొమ్మనడానికి అరుణకి నోరు రాలేదు. సోఫాలో ఒదిగి కూర్చుని, మహీధర్ వచ్చేదాకా ఆ సందు వంకే చూస్తూ ఉండిపోయింది.

సాయంత్రం ఆరింటికి గుమ్మం ముందు గేటు తాళం చప్పుడైంది. తలుపు తెరుచుకుంది గానీ మహీధర్ లోపలికి రాలేదు.

"అరుణా," అన్నాడు గుమ్మంలోంచే, నెమ్మదిగా. "ఇంటికి ఎవరొచ్చారు?"

"ఎందుకు?"

"బయట ఇన్ని చెప్పులున్నాయి. లిఫ్టు దాకా వరస... అన్నీ ఎర్రమట్టి, తడి." వాడు వంగి ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. చంటిపిల్లది.

"దేనికీ జత లేదేంటే?"